టెస్టింగ్ పరీక్షకు 40,000 అడుగుతున్నారు, కట్టొచ్చా?

అనంతపురం, ఇప్పుడు లీడ్స్:

అన్నలకు, అక్కలకు నమస్కారం. మా ఆయన ఉద్యోగం మీద రెండు నెలల కిందట ఇక్కడికి వచ్చాం. నాది డిపెండెంట్ వీసా, పని చేసుకోవచ్చు. బీటెక్ అయ్యాక పాపతో నాలుగేళ్లు ఇంట్లోనే ఉండిపోయాను. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టింగ్ పనిలోకి పోదామని, ఐఎస్‌టీక్యూబీ అనే అంతర్జాతీయ టెస్టింగ్ బోర్డు పెట్టే ఫౌండేషన్ పరీక్ష గురించి మా ఊళ్లో ఒక కోచింగ్ సెంటర్‌ని అడిగితే ఆన్‌లైన్ క్లాసులకు 40,000 రూపాయలు అన్నారు. "అనుభవం కూడా మేమే చూపిస్తాం" అంటున్నారు. కట్టొచ్చా?

ఆదోని, ఇప్పుడు మాంచెస్టర్:

కట్టొద్దు చెల్లీ. కనీసం ఈ వారం కట్టొద్దు.

ఆ పరీక్ష రాయాలంటే క్లాసులకు పోయి తీరాలన్న నిబంధన లేదు. సిలబస్, నమూనా ప్రశ్నపత్రాలు, జవాబుల వివరణలు అన్నీ ఐఎస్‌టీక్యూబీ సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఇది తెలియక డబ్బు పోసినదాన్ని నేను. 2023లో 4.0 అనే కొత్త సిలబస్ వచ్చేసినా మా సారు 2018 నాటిదే చెప్పుకుంటూ పోయాడు. యూజ్ కేస్ టెస్టింగ్ అనే పాఠం మీద రెండు సాయంత్రాలు కూర్చోబెట్టాడు. కొత్త సిలబస్ తెరిచి చూస్తే అది లేనే లేదు.

40 ప్రశ్నలు, 26 వస్తే పాస్. తప్పు జవాబుకు మార్కు కోయరు, కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు. సమయం గంట. పరీక్ష రాసే భాష మన మాతృభాష కాదు కాబట్టి ఇంకో 15 నిమిషాలు ఇస్తారు, కానీ అది బుక్ చేసేటప్పుడే అడగాలి. ఆరు అధ్యాయాలు ఉన్నాయి కదా అని అన్నీ ఒకేలా చదవొద్దు. టెస్ట్ డిజైన్, అంటే ఏమేం వేసి పరీక్షించాలో ఎంచుకోవడం గురించిన నాలుగోదాంట్లోంచే 11 ప్రశ్నలు వస్తాయి. టూల్స్ మీద ఉన్న ఆరోదాంట్లోంచి రెండే.

ఆ నాలుగోదాన్ని భయపడకుండా ఇలా చూడు. మన ఆర్టీసీ బస్సులో 60 ఏళ్లు నిండినవాళ్లకు టికెట్‌లో 25 శాతం రాయితీ ఉంది. వయసు 45 అనో 72 అనో వేసి చూస్తే ప్రోగ్రామ్ సరిగ్గానే లెక్క కడుతుంది. తప్పు దాక్కునేది గట్టు మీద, అంటే రూలు మారే హద్దు దగ్గర. అందుకే 59, 60 వేసి చూడాలి. ఒక్కో హద్దు విలువతో పాటు దాని రెండు పక్కలా చూసే మూడు విలువల పద్ధతి అయితే 58, 61 కూడా. కోడ్ రాసినవాడు "60, ఆపైన" అనాల్సింది "60 కంటే ఎక్కువ" అని కొట్టాడనుకో, కదిరి బస్సెక్కిన అరవయ్యేళ్ల తాతకి ఫుల్ టికెట్ పడుతుంది. కోడ్ రాసేటప్పుడు జరిగిన పొరపాటు ఎర్రర్, కోడ్‌లో మిగిలిపోయింది డిఫెక్ట్, తాత చేతికొచ్చిన ఫుల్ టికెట్ ఫెయిల్యూర్. మనం మాటల్లో అన్నింటినీ బగ్ అనేస్తాం గానీ పరీక్షలో ఆ తేడాకే మార్కు.

సిలబస్‌లో టెస్టింగ్‌కి ఏడు సూత్రాలు ఉంటాయి, వాటిని బట్టీ పట్టొద్దు. టెస్టులు అరిగిపోతాయి అనే సూత్రాన్ని పాత సిలబస్‌లో పెస్టిసైడ్ పారడాక్స్ అనేవాళ్లు. పత్తి పండించే ఇంట్లో పుట్టినదానికి అది ఒకరు చెప్పాలా? మా నాయన ఏళ్ల తరబడి ఒకే మందు కొడితే పురుగు చావడమే మానేసింది. టెస్టులూ అంతే, అవే అవే నడుపుతుంటే కొత్త బగ్గులు దొరకవు. పేరు ఎందుకు మార్చారో గానీ నాకు పాత పేరే ఇష్టం.

ఇక "అనుభవం చూపిస్తాం" అన్న మాటకే ఆ సెంటర్‌కి ఒక దండం పెట్టేయ్. చేయని ఉద్యోగం చేశానని రాసుకుంటే పాత కంపెనీకి మెయిల్ పెట్టి కనుక్కుంటారు. వీసా మీద బతికేవాళ్లం, మనకెందుకు ఆ టెన్షన్? నాలుగేళ్లు పాపను చూసుకున్నానని ఉన్నదున్నట్టు రాయి.

ప్రొద్దుటూరు, ఇప్పుడు బర్మింగ్‌హామ్:

అక్క చెప్పినవాటిలో ఒకదానికి నేను ఒప్పుకోను. క్లాసులు అందరికీ దండగ కాదు. ఆ సిలబస్‌కి కనీస బోధన సమయమే 1,135 నిమిషాలు, దగ్గర దగ్గర 19 గంటలు. టైమ్‌కి పిలిచి కూర్చోబెట్టేవాళ్లు ఉంటే తప్ప పుస్తకం తెరవనివాళ్లు ఉంటారు. నేనూ ఆ బాపతే. కాకపోతే అక్రెడిటేషన్, అంటే బోర్డు గుర్తింపు ఉన్న సంస్థేనా, 4.0 చెబుతారా అని అడిగి కట్టాలి.

ఇంకొకటి చెల్లెమ్మా. ఇంటి నుంచి రాస్తే గదిలో నువ్వు ఒక్కదానివే ఉండాలి, కెమెరాలో చూస్తుంటారు. పాప తలుపు తోసుకుని వచ్చిందంటే పరీక్ష ఆపేసినా ఆపేస్తారు. పరీక్ష సెంటర్‌కి పోయి రాయడం మేలు. సంక్రాంతికి ఊరికి పోతే మన దేశంలో రాసినా సర్టిఫికెట్ ఒకటే, దానికి గడువు కూడా ఉండదు.

అనంతపురం, ఇప్పుడు లీడ్స్:

డబ్బు కట్టలేదక్కా. పాప పడుకున్నాక మొదటి నమూనా పేపర్ రాశాను, 19 వచ్చాయి. ఏ షరతులు కలిస్తే ఏం జరగాలో పట్టికగా రాసే డెసిషన్ టేబుల్ ప్రశ్నలన్నీ పోయాయి. ఇంకో సంగతి. నిన్న ఒక కిరాణా సైట్‌లో కందిపప్పు, సోనామసూరి పెడితే బిల్లు సరిగ్గా 40 పౌండ్లు అయింది. 40కి డెలివరీ ఉచితం అని పైన ఉంది, అయినా ఛార్జ్ వేశాడు. ఇది మీరు చెప్పిన గట్టు మీది బగ్గే కదా?

ఆదోని, ఇప్పుడు మాంచెస్టర్:

19 అంటే బాగానే ఉంది, నాకు మొదటిసారి 17. తప్పినవాటికే కాదు, ఒప్పయినవాటికి కూడా వివరణ చదువు. గుడ్డిగా పెట్టినవి అందులో ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది.

కిరాణా సంగతికి స్క్రీన్‌షాట్ తీశావా? ఏమేం వేశావు, మొత్తం ఎంత, ఏం రావాలి, ఏం వచ్చింది, నాలుగు లైన్లు రాసి ఇక్కడే పెట్టు. రాసేముందు ఆ పైనున్న మాట ఇంకోసారి చూడు. 40 నుంచి ఉచితం అన్నాడా, 40 దాటితే అన్నాడా?