రోజూ ఆఫీసుకెళ్లే కారుకి రోల్ బార్, హార్నెస్ పెట్టించాలా, వద్దా?

మియాపూర్_టర్బో
అన్నలందరికీ నమస్తే. నాది ఐ20 ఎన్ లైన్, ఆరు ఎయిర్‌బ్యాగులది. వారమంతా మియాపూర్ నుంచి గచ్చిబౌలి, ఏడాదికి మూడు నాలుగు సార్లు మద్రాస్ ట్రాక్. ఇరుంగట్టుకోట్టై దాకా దాన్నే నడుపుకుంటూ పోయి, రోజంతా ట్రాక్ మీద తిప్పి, మళ్లీ అందులోనే ఇంటికి రావాలి. పోయినసారి సీ1 అనే మొదటి మలుపులో వెనక చక్రాలు జారి గడ్డిలోకి పోయాను. కారుకి గీత కూడా పడలేదు గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ముందు సీట్ల వెనక ఒక రోల్ బార్ (పల్టీ కొడితే పైకప్పు దిగకుండా ఆపే ఇనప పైపు), నాలుగు పట్టీల హార్నెస్‌లు (రెండు భుజాల మీదుగా కట్టుకునే రేసు బెల్టులు) రెండు, చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టిద్దామనుకుంటున్నా. ట్రాక్‌లో కాపాడేది రోడ్డు మీదా కాపాడుతుంది కదా అని నా లెక్క. తప్పయితే చెప్పండి.

గుంటూరు_డాక్టర్
తప్పే తమ్ముడూ. నేను ఎమర్జెన్సీలో పనిచేస్తాను, ట్రాక్ డేలకీ వెళ్తాను, అందుకే గట్టిగా చెబుతున్నా.

నీ కారులో ఉన్న మూడు పాయింట్ల బెల్టు వట్టి పట్టీ కాదు. గుద్దుకున్న క్షణంలో ప్రిటెన్షనర్ దాన్ని బిగిస్తుంది, ఆ తర్వాత లోడ్ లిమిటర్ కొంచెం వదులుతుంది. ఎయిర్‌బ్యాగు ఆ లెక్క ప్రకారమే తెరుచుకుంటుంది. హార్నెస్ కట్టుకుంటే ఆ లెక్క మొత్తం మారిపోతుంది.

మామూలు నాలుగు పట్టీల హార్నెస్‌లో కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండదు. గుద్దినప్పుడు భుజం పట్టీలు నడుం బకిల్‌ని పైకి లాగుతాయి. తుంటి ఎముక మీద ఉండాల్సిన బెల్టు పొట్ట మీదికొస్తుంది, మనిషి దాని కిందికి జారిపోతాడు. పేగులు, ప్లీహం దెబ్బతినేది అప్పుడే. ఒక భుజం పట్టీ కొంచెం సాగేలా కుట్టి ఈ జారుడు ఆపే హార్నెస్‌లు ఉన్నాయి, నువ్వు చూస్తున్నవి అవేనా?

ఇక మెడ. ఛాతీని సీటుకి కట్టేస్తే తల ఒక్కటే ముందుకు పోతుంది, పైగా దాని మీద హెల్మెట్ బరువు. 2001 ఫిబ్రవరి 18న డేటోనా రేసు చివరి ల్యాప్‌లో అమెరికా రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ చనిపోయింది పుర్రె అడుగు ఎముక విరిగే. తలని పట్టి ఉంచే హాన్స్ పరికరం అప్పటికే ఉంది, ఆయన వేసుకోలేదు. ఆ ఏడాదే అక్కడి కారు రేసుల సంస్థ నాస్‌కార్ తల పట్టీని తప్పనిసరి చేసింది, 2003లో ఫార్ములా వన్ కూడా చేసింది. హార్నెస్ కొంటే హాన్స్ కొనాలి. మామూలు హాన్స్ మూడు పాయింట్ల బెల్టుతో పనిచేయదు.

ఒకటి పెడితే అది ఇంకోటి అడుగుతుంది. హార్నెస్ కట్టుకుని నిటారుగా ఉన్నవాడికి, కారు పల్టీ కొట్టి పైకప్పు దిగితే పక్కకి ఒంగే వీలుండదు, కాబట్టి బార్ కావాలి. ఇదంతా గొలుసు. సగంలో ఆపేవాడికే ఎక్కువ ప్రమాదం.

బెజవాడ_పోలో
డాక్టర్ గారూ, మీరు చెప్పింది కాదనను. కానీ ఇది చదివినవాళ్లు ఏదీ పెట్టించకుండా ట్రాక్‌కి పోతారండీ, నా భయం అది. మామూలు బెల్టుతో మలుపులో ఒళ్లు సీట్లో జారుతుంటే, మనిషి స్టీరింగ్ పట్టుకుని వేలాడతాడు, మోకాలు డోర్‌కి ఆనించి నెట్టుకుంటాడు. స్టీరింగ్ ఆసరా అయ్యాక చేతికి కారేం చెబుతుంది?

నా పోలోలో నాలుగేళ్లుగా ఒంటిని పక్కల నుంచి పట్టి ఉంచే బకెట్ సీటు, ఆరు పట్టీల హార్నెస్, హాన్స్, రోల్ బార్ ఉన్నాయి. కంపెనీ బెల్టు తీయలేదు. ఆఫీసుకి అది, ట్రాక్‌లో హార్నెస్. నా కారులో మొదటినుంచీ ముందు రెండు ఎయిర్‌బ్యాగులే కాబట్టి పక్క కిటికీల మీద తెరుచుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు పోయిన బాధ కూడా లేదు. ఒకే కారులో రెండూ కుదురుతాయి. గొలుసంటే భయపడి మానేయడమెందుకు? పూర్తిగా పెట్టించుకోవాలి.

ఆటోనగర్_వెల్డింగ్
ఇరవై ఏళ్లుగా పైపులు వంచుతున్నాను, నా మాట కూడా వినండి బాబూ.

అంతర్జాతీయ మోటార్ రేసుల సంస్థ ఎఫ్ఐఏ లెక్కలో మెయిన్ బార్‌కి అతుకు లేని, వేడి చేయకుండా సాగదీసిన (కోల్డ్ డ్రాన్) పైపు కావాలి. 45 మి.మీ. వ్యాసానికి 2.5 మందం, లేదంటే 50కి 2. పాదాల కింద కనీసం 3 మి.మీ. మందం, 120 చదరపు సెం.మీ. ప్లేటు బాడీకి వెల్డ్ చేయాలి. మొన్న నా దగ్గరికొచ్చిన ఒక కారుకి ఎవరో జీఐ నీళ్ల పైపు వంచి, కార్పెట్ మీదే నాలుగు బోల్టులు బిగించి పంపారు. పల్టీ కొడితే అది నేలను చీల్చుకుని దిగిపోతుంది. చూసి కడుపు తరుక్కుపోయింది.

బార్ మీద చుట్టే గట్టి ప్యాడింగ్ హెల్మెట్ ఉన్న తల కోసం. ఆఫీసుకి ఎవరూ హెల్మెట్ పెట్టుకుని పోరు. నేను అడిగేది ఒక్కటే: నీ కారులో వెనక ఎవరు కూర్చుంటారు?

డల్లాస్_మియాటా
టెక్సాస్ నుంచి. నాది పైకప్పు లేని మజ్దా మియాటా, క్రెసన్ ట్రాక్‌కి పోతుంటాను. ఇక్కడ ఓపెన్ కార్లకి రోల్ బార్ లేకపోతే చాలా క్లబ్బులు లోపలికే రానివ్వవు. ముందు అద్దం పైఅంచు నుంచి బార్ దాకా చీపురుకర్ర పెట్టి చూస్తారు, హెల్మెట్ దాని కిందే ఉండాలి. డ్రైవర్‌కి హార్నెస్ ఉంటే పక్కన కూర్చునే ఇన్‌స్ట్రక్టర్‌కీ అదే ఉండాలి. కానీ నాది రెండే సీట్ల కారు, బార్ వెనక మనుషులుండరు. నా కారు చూసి నువ్వు నిర్ణయం తీసుకోవద్దు.

ఇంకోటి, ఇక్కడ ట్రాక్ రోజుకి విడిగా ఇన్సూరెన్స్ కొనుక్కోవచ్చు. మన పాలసీ కాగితంలో వాడకం పరిమితుల దగ్గర రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌కి కవర్ లేదని రాసుంటుంది, తీసి చదువు.

మియాపూర్_టర్బో
వెనక మా పాప, అన్నా. ఐదేళ్లు. చైల్డ్ సీటు ఎడమవైపు ఉంటుంది.

ఆటోనగర్_వెల్డింగ్
అయితే ఆ కారులో బార్ వద్దు. పాప తలకి ఎదురుగా ఇనప పైపు వస్తుంది. ఎంత డబ్బిచ్చినా నేను చేయను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సంగతి సరేసరి, కంపెనీ మొదట ఇచ్చినదానికి ఆర్సీ వివరాల్లో తేడా వచ్చేలా బండి మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

గుంటూరు_డాక్టర్
ఒక మాట అడుగుతా తమ్ముడూ. సీ1లో జారే ముందు కాలు ఏం చేసింది?

మియాపూర్_టర్బో
భయమేసి యాక్సిలరేటర్ మీంచి ఒక్కసారి తీసేశా.

గుంటూరు_డాక్టర్
అదీ సంగతి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు, మలుపు మధ్యలో కాలు తీస్తే బరువు ముందుకొస్తుంది, వెనక తేలికై జారుతుంది. దీనికి రోల్ బార్ ఏం చేస్తుంది? పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్న ఒక రోజు చేస్తుంది. ముందు దానికి ఖర్చు పెట్టు.

బెజవాడ_పోలో
పాప సంగతి తెలిశాక నేనూ బార్ వద్దంటాను. నా కారులో వెనక ఎవరూ కూర్చోరు, అది ముందే చెప్పాల్సింది. హార్నెస్ విషయంలో మాత్రం నా మాట నాదే. తర్వాత విడిగా ఒక పాత కారు కొంటే దానికి పూర్తిగా పెట్టించు.

ఈలోగా కంపెనీ బెల్టుతోనే నడుపు. సీటు ఒక మెట్టు వెనక్కి జరిపి, బెల్టు చటుక్కున లాగి లాక్ చేసి, అలాగే సీటు ముందుకు జరుపు, నడుం దగ్గర బిగుస్తుంది. హెల్మెట్ స్నెల్ ఎస్ఏ (కారు రేసుల కోసం పరీక్షించిన) రకం తీసుకో, అందులో లోపలి గుడ్డ మంటని తట్టుకుంటుంది, బైక్ హెల్మెట్లకి ఆ పరీక్ష ఉండదు. బ్రేక్ ఆయిల్ మార్చు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. పెడల్ నేలకి దిగాక ఏ బెల్టూ బ్రేక్ వేయదు.

మియాపూర్_టర్బో
సర్వీసు బిల్లులు తీశా. బ్రేక్ ఆయిల్ కొన్నప్పటి నుంచి మార్చలేదు. రేపే మార్పిస్తా. గడ్డిలోకి పోయిన సంగతి ఇంట్లో కూడా చెప్పా. ఎక్స్‌టింగ్విషర్ ఒక్కటి పెట్టించనా? ఎక్కడ?

ఆటోనగర్_వెల్డింగ్
పెట్టించు, కానీ డ్యాష్‌బోర్డు మీదో డోర్ జేబులోనో వదిలేయకు, గుద్దితే అదే ఎగిరొచ్చి తగులుతుంది. ఇనప బ్రాకెట్‌తో పక్క సీటు ముందు, సీటు బోల్టులకే ఆనించి కట్టాలి. సీటు కింద పసుపు రంగు వైర్లుంటాయి, అవి ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి పోకూడదు. బండి తీసుకురా, బ్రాకెట్ కొలత తీసి చేసిస్తాను.