గ్లైకోజెన్ తెగేది నీళ్లతోనా, ఫాస్ఫేట్‌తోనా?

రివిజన్_మోడ్:
గ్లైకోజెన్ (శరీరం గ్లూకోజ్‌ని దాచుకునే కొమ్మల గొలుసు) జలవిశ్లేషణ వల్ల, అంటే నీళ్లతో తెగి, గ్లూకోజ్‌గా విడిపోతుందని నా నోట్సులో ఉంది. నిన్న క్లాసులో సార్ మాత్రం కాలేయంలో జరిగేది జలవిశ్లేషణ కాదు, ఫాస్ఫోరోలిసిస్ (ఫాస్ఫేట్‌తో తెంచడం) అని ఒక్క ముక్క చెప్పి వేరే పాఠంలోకి వెళ్లిపోయారు. వచ్చే వారం పరీక్ష, అదే టెన్షన్. రెండింట్లో ఏది రాయాలి? అసలు నీళ్లు బంధాన్ని ఎలా తెంచుతాయో కూడా ఎవరైనా మొదటినుంచి చెప్పండి ప్లీజ్.

కార్బన్_గొలుసు:
ముందు నీళ్ల సంగతి. కాగితం మీద రెండు గ్లూకోజ్ వలయాలు గీసి మధ్యలో ఒక ఆక్సిజన్‌తో కలపండి, అదే మాల్టోజ్. బంధం తెగేటప్పుడు నీటి అణువు కూడా రెండుగా విడిపోయి, హైడ్రోజన్ ఒక వైపుకీ ఓహెచ్ రెండో వైపుకీ చేరుతుంది. మాల్టోజ్ అణుభారం 342, నీటిది 18, కలిపితే 360, అంటే సరిగ్గా రెండు గ్లూకోజ్‌లు. పది గ్లూకోజ్‌ల గొలుసు మొత్తం విడిపోవాలంటే తొమ్మిది నీటి అణువులు పడతాయి.

మనం తిన్నది స్టార్చ్ అయినా గ్లైకోజెన్ అయినా జీర్ణమయ్యేది ఇలాగే. కాకపోతే లాలాజలంలో, క్లోమరసంలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ గొలుసు పొడవునా ఉండే ఆల్ఫా-1,4 బంధాలనే తెంచుతుంది, కొమ్మ మొదలయ్యే చోటి ఆల్ఫా-1,6 దాని వల్ల కాదు. అందుకే మాల్టోజ్‌తో పాటు కొమ్మలున్న డెక్స్‌ట్రిన్ ముక్కలు మిగిలిపోతాయి, వాటి సంగతి చిన్నపేగు గోడమీది ఎంజైమ్‌లు చూసుకుంటాయి. సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే, కానీ అక్కడున్నది బీటా-1,4 బంధం, దాన్ని తెంచే ఎంజైమ్ మన శరీరం తయారుచేసుకోదు.

ల్యాబ్_బెంచి:
ఇది కంటితో చూస్తే ఇక మర్చిపోరు. స్టార్చ్ ద్రావణంలో ఆమ్లం కలిపి వేడిచేస్తూ, మధ్యమధ్యలో ఒక చుక్క తీసి అయోడిన్‌లో వేయండి. మొదట ముదురు నీలం, కాసేపటికి ఊదా, తర్వాత ఎర్రటి ఛాయ, చివరికి అయోడిన్ రంగే మిగులుతుంది. గొలుసు పొట్టిదవుతున్న కొద్దీ రంగు అలా దిగిపోతుంది. ఆమ్లానికి 1,4, 1,6 అన్న తేడా లేదు, టైమిస్తే రెండింటినీ తెంచేస్తుంది.

కణం_లోపల:
మీ సార్ చెప్పింది కణం లోపలి సంగతి, అదీ కరెక్టే. అక్కడ గ్లైకోజెన్ ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైమ్ నీటి బదులు ఫాస్ఫేట్‌ని వాడి, గొలుసు చివరినుంచి ఒక్కొక్కటిగా గ్లూకోజ్-1-ఫాస్ఫేట్ ఊడదీస్తుంది. నీళ్లతో తెంచితే ఉత్త గ్లూకోజ్ వస్తుంది, దానికి ఫాస్ఫేట్ తగిలించడానికి ఒక ఏటీపీ (కణం శక్తికి వాడుకునే అణువు) ఖర్చు. ఇలా అయితే ఆ ఖర్చు లేదు, పైగా ఫాస్ఫేట్ ఉన్న చక్కెర కణం దాటి బయటికి పోవడం కుదరదు. నాకు ఈ పాఠం మొత్తంలో బాగా నచ్చే భాగం ఇదే. 1936లో గ్లూకోజ్-1-ఫాస్ఫేట్‌ని కనిపెట్టిన కార్ల్, గెర్టీ కోరీ దంపతులకి 1947లో నోబెల్ వచ్చింది.

కానీ కొమ్మకి నాలుగు గ్లూకోజ్‌ల దూరంలో ఫాస్ఫోరిలేజ్ ఆగిపోతుంది. అప్పుడు డీబ్రాంచింగ్ ఎంజైమ్ మూడింటిని పక్క గొలుసుకి మార్చి, మిగిలిన ఆ ఒక్కదాన్ని నీళ్లతోనే తెంచుతుంది. కాబట్టి పరీక్షలో "ఎక్కువ భాగం ఫాస్ఫోరోలిసిస్, కొమ్మల దగ్గర జలవిశ్లేషణ" అని రాయండి.

రివిజన్_మోడ్:
అంటే కండరంలో గ్లైకోజెన్ కరిగినప్పుడు ఉత్త గ్లూకోజ్ వచ్చేది కొమ్మల దగ్గరినుంచేనా?

కణం_లోపల:
దాదాపు అంతేనండి. కాలేయంలో అయితే గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ చివర్లో ఫాస్ఫేట్‌ని తీసేస్తుంది (అదీ జలవిశ్లేషణే), అందుకే అది రక్తంలోకి గ్లూకోజ్ వదలగలుగుతుంది. కండరంలో ఆ ఎంజైమ్ లేదు. లైసోసోముల్లో (కణంలో పదార్థాల్ని విడగొట్టే సంచుల్లో) కూడా కొద్దిగా గ్లైకోజెన్ పూర్తిగా నీళ్లతోనే తెగుతుంది, ఆ ఎంజైమ్ లోపిస్తే వచ్చేదే పాంపే వ్యాధి.