ఇడీ చేసిన హత్యలు ఎవరి ఖాతాలో వెయ్యాలి: సైక్లాప్స్‌దా, ప్రొఫెసర్ జేవియర్‌దా?

రూబీకళ్లజోడు:
మొన్న రాత్రి ఒంటిగంట దాకా మా తమ్ముడితో ఇదే గొడవ. వాడు సినిమాలు మాత్రమే చూశాడు, నేను కామిక్స్ కూడా చదివాను. తేలలేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నా.

చదవనివాళ్ల కోసం సంగతి క్లుప్తంగా. 2011లో 'స్కిజమ్' అని ఒక ఎక్స్-మెన్ కామిక్స్ కథ వచ్చింది. ఎక్స్-మెన్ అంటే మ్యూటెంట్ల జట్టు, మ్యూటెంట్లంటే పుట్టుకతోనే వింత శక్తులున్న మనుషులు. అప్పటికి వాళ్లు న్యూయార్క్ దగ్గరి పాత బంగళా బడి వదిలేసి, శాన్ ఫ్రాన్సిస్కో పక్కన సముద్రంలో యుటోపియా అనే దీవిలో ఉంటున్నారు. భూమ్మీద మిగిలిన మ్యూటెంట్లు రెండు వందల మంది, అటూ ఇటూగా. నాయకుడు సైక్లాప్స్, అంటే స్కాట్ సమ్మర్స్. నగరంలో మ్యూటెంట్ల చరిత్ర మ్యూజియం తెరిచే రోజున వాళ్ల శత్రువులు హెల్‌ఫైర్ క్లబ్ వాళ్లు దాడి చేస్తారు. అక్కడున్న పెద్దవాళ్లందరూ పడిపోతారు. మిగిలింది ఇడీ. నైజీరియా పిల్ల, 14 ఏళ్లు. వేడినీ చలినీ లాక్కుని తిప్పికొట్టగలదు. తనకు వచ్చిన శక్తి శాపమని, తానొక రాక్షసినని మనసారా నమ్మే పిల్ల. ఇప్పుడు నేనేం చెయ్యాలి అని దీవిలో ఉన్న స్కాట్‌ను అడుగుతుంది. పక్కనే ఉన్న జట్టువాడు వుల్వరీన్ వద్దు, నేను వెళ్తున్నా అంటాడు. స్కాట్ మాత్రం నీకు ఏది చెయ్యాలనిపిస్తే అది చెయ్యి అంటాడు. ఆ పిల్ల వెళ్లి గార్డుల్ని చంపేస్తుంది.

దీని మీదే ఇద్దరూ ఒళ్లు పగిలేలా కొట్టుకుని విడిపోయారు. వుల్వరీన్ పాత ఊరికి వెళ్లి పాత జట్టులోని జీన్ గ్రే పేరుతో బడి తెరిచాడు. స్కాట్ దీవిలోనే ఉండిపోయాడు.

మా తమ్ముడు స్కాట్‌ను విలన్ అంటున్నాడు. నేను కాదంటాను. స్కాట్‌కు తెలిసిన చదువు అదొక్కటే. అనాథాశ్రమంలో పెరిగినవాణ్ని తెచ్చి, మొట్టమొదటి శిష్యుణ్ని చేసుకుని, బడి పేరుతో యుద్ధం నేర్పింది ఎక్స్-మెన్‌ను మొదలుపెట్టిన ప్రొఫెసర్ జేవియర్. పెద్దాయన లెక్క తేల్చకుండా కుర్రాణ్ని బోనెక్కించడం అన్యాయం.

వెనకబెంచి:
రెండు పేర్లూ తప్పే బ్రో. తప్పు చంపడానికి వచ్చినవాళ్లది. మనం ఆ మాటే మర్చిపోయి ఇంట్లోవాళ్ల మీద పడతాం.

2001లో జెనోషా దీవిలో ఏం జరిగింది? సెంటినెల్స్ అనే, మ్యూటెంట్లను వేటాడే రోబోలు వచ్చి ఒక్కసారిగా కోటీ అరవై లక్షల మంది మ్యూటెంట్లను తుడిచేశాయి. వాళ్లలో యుద్ధానికి వెళ్లినవాళ్లు ఎంతమంది? 2005లో వాండా అనే మంత్రగత్తె ఒక్క మాటతో లోకంలో దాదాపు అందరు మ్యూటెంట్ల శక్తులూ పోయాయి. శక్తులు పోయిన విద్యార్థుల్ని ఇళ్లకు పంపేద్దామని బస్సెక్కించారు. 2006 సంచిక అది. ఆ బస్సును ప్యూరిఫయర్లనే మతోన్మాదులు క్షిపణితో పేల్చేశారు. ఆ పిల్లలు ఇక మ్యూటెంట్లు కూడా కాదు. యూనిఫాం లేదు, శిక్షణ లేదు, ఒళ్లో బ్యాగు పెట్టుకుని అమ్మానాన్నల దగ్గరికి వెళ్తున్నారంతే.

దాని తర్వాత కూడా స్కాట్ పిల్లల్ని కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించాలంటే ఎలా? డేంజర్ రూమ్, అంటే బడిలోని పోరాట కసరత్తు గది, లేకపోతే ఆ బస్సు బతుకే.

రూబీకళ్లజోడు:
బస్సు సంగతి ఒప్పుకుంటా. ఆ పేజీ చూసినప్పుడు నేనూ పుస్తకం మూసేశా. కానీ జేవియర్ పిల్లల్ని పంపడం బస్సు తర్వాత మొదలవలేదు కదా.

1963 సెప్టెంబరు, మొదటి సంచిక. రాసింది స్టాన్ లీ, గీసింది జాక్ కర్బీ. నలుగురు మగపిల్లలు డేంజర్ రూమ్‌లో కసరత్తు చేస్తుంటారు. బాబీ డ్రేక్ అందరికన్నా చిన్నవాడు, పదహారేళ్లు. కారు దిగి కొత్తమ్మాయి జీన్ గ్రే లోపలికి వస్తుంది. కుర్రాళ్లు కిటికీ దగ్గర తోసుకుంటూ చూస్తారు. అదే సంచిక పూర్తయ్యేలోపు ఆ అమ్మాయి యూనిఫాం వేసుకుని, కేప్ సిటడెల్ క్షిపణి స్థావరం దగ్గర శత్రువు మాగ్నెటో ఎదుట నిలబడి ఉంటుంది. పెట్టె విప్పిందో లేదో కూడా తెలీదు మనకు. జెనోషా అప్పటికి లేదు, బస్సూ లేదు. ఉన్నది చక్రాల కుర్చీలో ఇంట్లో కూర్చుని బుర్రలోంచి బుర్రలోకి ఆర్డర్లు పంపే మేష్టారు.

ఏడో సంచికకు, అంటే సరిగ్గా ఏడాదికి, మీ చదువు అయిపోయింది పొమ్మన్నాడు. 42వ సంచికలో ఆయన చనిపోయాడని పిల్లలు ఏడ్చారు. చచ్చింది ఆయన వేషంలో ఉన్న ఛేంజ్‌లింగ్ అనే ఇంకో మ్యూటెంట్. జేవియర్ భూగర్భంలో కూర్చుని ఏదో దండయాత్రను ఎదుర్కోవడానికి తయారవుతున్నాడు. ఆ సంగతి జీన్‌కు తెలుసు, ఎవరికీ చెప్పకూడదని మాట తీసుకున్నాడు. తోటివాళ్లు ఏడుస్తుంటే ఆ పిల్ల మొహం ఎలా పెట్టుకుని తిరిగి ఉంటుంది?

ఇక 2006లో బయటపడిన ముచ్చట. 1975లో క్రకోవా దీవిలో చిక్కుకున్న పాత జట్టును విడిపించడానికి వుల్వరీన్, స్టార్మ్, కొలాసస్, నైట్‌క్రాలర్ వాళ్లను జేవియర్ పోగు చేశాడని మనందరికీ తెలుసు. వాళ్లకన్నా ముందే ఇంకో జట్టును పంపాడట. ఆయన స్నేహితురాలు, శాస్త్రవేత్త మొయిరా మెక్‌టాగర్ట్ దగ్గర పెరుగుతున్న కుర్రాళ్లు. పెట్రా, స్వే అక్కడే పోయారు. ఇంకో ఇద్దరు కూడా పోయారనే అనుకున్నాడు. ఆ ఇద్దరిలో ఒకడు స్కాట్ సొంత తమ్ముడు గాబ్రియల్. జేవియర్ ఏం చేశాడు? స్కాట్ బుర్రలోంచి ఆ జ్ఞాపకం తుడిచేశాడు. తమ్ముడు ఉన్నాడనీ తెలియదు, పోయాడనీ తెలియదు.

ఇప్పుడు చెప్పండి, ఎవరి ఖాతా?

బ్లాక్‌బర్డ్‌పైలట్:
ఏడాదిలో డిగ్రీ! ఆ బడి అడ్రస్ పంపండి, మా మేనల్లుణ్ని చేర్పిస్తా.
1407, గ్రేమాల్కిన్ లేన్, సేలం సెంటర్, వెస్ట్‌చెస్టర్ కౌంటీ. ఫీజు లేదు, ఇన్సూరెన్సూ లేదు.

అట్టబొమ్మ:
మీరందరూ ఇదేదో నిజం బడి అన్నట్టు మాట్లాడుతున్నారు. 12 సెంట్లకు అమ్మే పుస్తకం అది. బుద్ధిగా హోంవర్కు చేసుకునే పిల్లల కథకు ఎవడు డబ్బులు పెడతాడు? పోట్లాడుకున్నా సరిగ్గా అమ్ముడుపోక 1970లో 66వ సంచికతో కొత్త కథలు ఆపేసి, 93 దాకా పాతవే మళ్లీ అచ్చేశారు. పిల్లలు కొట్లాటకు వెళ్లేది కొనేవాళ్ల కోసం. జేవియర్ పాపం ఏం చేస్తాడు.

రూబీకళ్లజోడు:
అలా అంటే ఇక ఏ కథ మీదా చర్చ అక్కర్లేదు. పైగా రాసినవాళ్లే ఈ ప్రశ్న వదల్లేదు. 1982లో న్యూ మ్యూటెంట్స్ అనే చిన్నపిల్లల జట్టును తెచ్చినప్పుడు జేవియర్ చెప్పిందే అది, వీళ్లు చదువుకోవడానికి వచ్చారు, పోరాడటానికి కాదు అని. కిట్టీ ప్రైడ్ అప్పటికే పెద్దవాళ్ల జట్టులో ఉంది. 1980లో వచ్చినప్పుడు పదమూడున్నర ఏళ్లు. నువ్వు చిన్నపిల్లవి, వెళ్లి చిన్నవాళ్లతో కూర్చో అనేసరికి ఆ పిల్ల పేజీ అంతా నిండేలా ప్రొఫెసర్‌ను తిట్టిపోసింది. 168వ సంచిక, 1983. చివరికి బంగళా కింద సిడ్రియన్లనే అంతరిక్ష జీవాలతో పోరాడి తన సత్తా చూపించాకే పెద్దవాళ్లతో ఉండనిచ్చాడు. గమనించారా, పైతరగతికి వెళ్లాలన్నా అక్కడ పరీక్ష కొట్లాటే.

గోదారిగట్టు:
కామిక్స్ నాకు తెలీదు, పిల్లలు చూస్తుంటే సినిమాలు చూశాను. కానీ ఈ తగాదా మనకు కొత్తదేం కాదు నాయనా. విశ్వామిత్రుడు వచ్చి యాగ రక్షణకు రాముణ్ని పంపమంటే దశరథుడు ఏమన్నాడు? పదహారేళ్లైనా నిండని పిల్లాడు, రాక్షసులతో యుద్ధానికి వీడేం సరిపోతాడు, కావాలంటే సైన్యంతో నేనే వస్తాను అన్నాడు. వసిష్ఠుడు సర్దిచెబితే గాని ఒప్పుకోలేదు. మరి విశ్వామిత్రుణ్ని మనం తప్పు పట్టామా? గురువు చెప్పాడు, శిష్యుడు తాటకను కొట్టాడు. జేవియర్ చేసింది తప్పైతే అదీ తప్పే.

వెనకబెంచి:
బాబాయ్ గారూ, భలే పట్టుకొచ్చారు. నా వైపు ఒక ఓటు.

చాక్‌పీస్‌మేడమ్:
చాలాసేపటి నుంచి చదువుతూ ఊరుకున్నాను. గోదారిగట్టు గారూ, మీ ఉదాహరణ మీకే అడ్డం తిరుగుతుందండి. విశ్వామిత్రుడు అయోధ్యలో కూర్చుని రాముణ్ని అడవికి పంపలేదు. వెంట నడిచాడు. దారిలో ఆకలిదప్పులు తెలియకుండా బల, అతిబల విద్యలు ఇచ్చాడు. తాటక దగ్గర ఆడదాన్ని ఎలా చంపడమని ఆ పిల్లాడు సందేహపడకూడదని, సందేహించకు, చంపు, ఇది రాజధర్మం అని తానే నోరు తెరిచి చెప్పాడు. పాపమో పుణ్యమో ఆ మాట అన్నవాడిది.

స్కాట్ అన్న మాట చూడండి. నీకు ఏది అనిపిస్తే అది చెయ్యి. చంపు అనలేదు, చంపకు అనలేదు. వినడానికి ఎంత గౌరవంగా ఉందో! కానీ భారం మొత్తం ఆ పిల్ల నెత్తిన పెట్టి తాను పక్కకు జరిగాడు.

ఇది నాకెందుకు ఇంత మంట అంటే, ఆ మాట నేనూ అన్నాను. నేను ఒక రెసిడెన్షియల్ స్కూల్లో చెబుతాను. ఏడెనిమిదేళ్ల క్రితం. డార్మెటరీకి తొమ్మిదో తరగతి అమ్మాయిని లీడర్‌గా పెట్టేవాళ్లం. ఆ రాత్రి వార్డెన్ సెలవు, డ్యూటీ నాది. మా అబ్బాయికి ఒంట్లో బాగోలేదని ఒక గంటలో వస్తానని ఇంటికి వెళ్లాను. వాచ్‌మన్ ఫోన్ నుంచి ఆ అమ్మాయి చేసింది. మేడం, ఆరో తరగతి పాపకు ఒళ్లు కాలిపోతోంది, ఏదో గొణుగుతోంది, ఏం చెయ్యమంటారు అని. నేను మా వాడికి తడిగుడ్డ వేస్తూ అన్నాను, నువ్వు తెలివైనదానివి కదా, నీకేది సరి అనిపిస్తే అది చెయ్యి, నేను వచ్చేస్తున్నా అని. ఆ అమ్మాయి తన ట్రంకు పెట్టెలో ఉన్న వాళ్ల నాన్న మాత్ర ఒకటి ఆ పాపకు వేసింది. అది జ్వరం మాత్ర కాదు, బీపీది. ఆ పాప కళ్లు తిరిగి పడిపోయింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. రెండు రోజులకు బాగైంది, దేవుడి దయ.

తర్వాత జరిగిన విచారణలో అందరూ ఆ అమ్మాయినే అడిగారు. ఎందుకు వేశావ్, ఎవరు వెయ్యమన్నారు అని. ఆ అమ్మాయి నా పేరు చెప్పలేదు. నిజానికి నేను వెయ్యమనలేదు కదా! అంత శుభ్రంగా తప్పించుకున్నాను.

అందుకే రూబీకళ్లజోడు గారూ, జేవియర్ పాపాల చిట్టా మీరు చెప్పినంతా నిజమే. కానీ దాంతో స్కాట్ చిట్టా చెరిగిపోదు. మా పెద్దసారు నాకూ అలాగే నేర్పారు, పిల్లలకు బాధ్యత అప్పగించాలమ్మా అని.

రూబీకళ్లజోడు:
మేడం, దీనికి వెంటనే ఏం రాయాలో తెలియలేదు. టీ తాగి వచ్చి రాస్తున్నా.

మీరన్నది ఒప్పుకుంటే నా వాదన సగం పోతుంది. స్కాట్ నాయకుడిగా చంపు అని ఉంటే ఆ హత్యలు స్కాట్‌వి అయ్యేవి, ఇడీ ఆజ్ఞ పాటించిన పిల్ల అయ్యేది. అలా అనకపోవడం వల్లే అవి ఇడీవి అయ్యాయి. ఇది నాకు ఇన్నేళ్లూ తట్టలేదు.

వెనకబెంచి:
మేడం, మీ అనుభవానికి నేను అడ్డు చెప్పను. కథ వరకు మాత్రం ఒకటి. పెద్దవాళ్లు వద్దని కట్టడి చేస్తే పిల్లలు ఆగుతారా? జేవియర్ భూమ్మీద లేనప్పుడు బడి ఆ పాత శత్రువు మాగ్నెటో చేతికే వచ్చింది. ఆయన పిల్లల్ని బయటికి వెళ్లనివ్వకుండా కట్టేయాలని చూశాడు. వాళ్లు దొంగచాటుగా వెళ్లారు. 1988లో డగ్ రామ్సీ అలాగే పోయాడు. ఆ అబ్బాయి శక్తి ఏమిటి? ఏ భాషైనా ఇట్టే అర్థం చేసుకోవడం. కొట్లాటలో దేనికీ పనికిరాదు. స్నేహితురాలికి తగలాల్సిన తూటాకు అడ్డం పడ్డాడు. వెళ్లనిస్తే ఒక బాధ, ఆపితే ఇంకో బాధ. వుల్వరీన్ కూడా పెద్ద పతివ్రతేం కాదు, జూబిలీ అనే టీనేజీ పిల్లను వెంటేసుకుని ఎన్ని గొడవల్లోకి తీసుకెళ్లలేదు?

చాక్‌పీస్‌మేడమ్:
నిజమే. ఆపితే పారిపోతారు, మా హాస్టల్ గోడ ఎత్తు నాకు తెలుసు. నేను ఆపమనడం లేదు. అడిగినప్పుడు జవాబు చెప్పమంటున్నాను. డగ్ ఎవరినీ అడగలేదు. ఇడీ అడిగింది.

బ్లాక్‌బర్డ్‌పైలట్:
వుల్వరీన్ బడి మొదటి సంచిక ఎవరైనా చదివారా? న్యూయార్క్ రాష్ట్ర విద్యాశాఖ నుంచి ఇద్దరు ఇన్‌స్పెక్షన్‌కు వస్తారు. అదే రోజు హెల్‌ఫైర్ క్లబ్ దాడి, బడి కింద నేలే లేచి నడుస్తుంది. మేడం, మీ ఇన్‌స్పెక్షన్ రోజులు దీనికన్నా ప్రశాంతంగా ఉంటాయా?

చాక్‌పీస్‌మేడమ్:
ఆ రోజు బాత్రూముల్లో నీళ్లు వస్తే చాలు మాకు. మరి హెడ్‌మాస్టరు ఎవరు?

రూబీకళ్లజోడు:
కిట్టీ ప్రైడ్, మేడం. ప్రొఫెసర్‌ను తిట్టిన ఆ పిల్లే. ఇడీ కూడా అక్కడే చేరింది. అక్కడా శాంతి లేదు లెండి, బ్రూ అనే దోస్తును కాల్చారు, ఎవరు కాల్చారో కనిపెట్టడానికి 2013లో తానే శత్రువుల బడిలో చేరింది. ఈసారి ఎవరినీ అడగలేదు.

మేడం, అడగొచ్చో లేదో, ఆ లీడరమ్మాయి ఏమైంది?

చాక్‌పీస్‌మేడమ్:
నర్సింగ్ చదువుతోంది. టీచర్స్ డే నాడు మెసేజ్ పెడుతుంది. ఆ రాత్రి నేనేమన్నానో తనకు గుర్తుందా అని నేను ఇంతవరకు అడగలేదు.

గోదారిగట్టు:
అడగమ్మా.

వెనకబెంచి:
నేను ఇంకా స్కాట్ పార్టీయే. కానీ ఆ ఒక్క ప్యానెల్ మళ్లీ చదవాలి.