‘సెట్’ అన్న ఒక్క మాటకు 430 అర్థాలా? పిల్లలకు అలా చెప్పడం సరైనదేనా?

ఇంగ్లిష్ మాస్టారు (చర్చ మొదలుపెట్టినవారు)

నేను తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. పోయిన వారం ఒకే పేరాలో ‘సెట్’ మూడుసార్లు వచ్చింది. సూర్యుడు అస్తమించాడు అనడానికి ఒకసారి, భోజనానికి బల్ల సర్దారు అనడానికి ఒకసారి, ప్రయాణానికి బయల్దేరారు అనడానికి ఇంకోసారి. పిల్లలకు ఆసక్తి కలుగుతుందని ఒక సంగతి చెప్పాను. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో అన్నిటికంటే పొడవైన వివరణ ‘సెట్’ అనే క్రియకే ఉంది. ఆ ఒక్క మాటకు 430 అర్థాలు, వాటిని వివరించడానికి దాదాపు 60,000 మాటలు.

ముందు బెంచీలో ఉన్న అమ్మాయి పెన్ను కింద పెట్టేసింది. “అయితే మాకు ఇంగ్లిష్ ఎప్పటికీ రాదు సార్” అంది. ఆ మాట నన్ను వదలడం లేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ‘సెట్’కు ఉన్నది ఒకటే అర్థం, కుదర్చడం. ఒకదాన్ని ఒక చోటో ఒక స్థితిలోనో కదలకుండా ఉండేలా చేయడం. అలారం సెట్ చేస్తే సమయం కుదిర్చినట్టు. తేదీ సెట్ చేస్తే రోజు కుదిర్చినట్టు. విరిగిన ఎముకను సెట్ చేస్తే దాని చోట దాన్ని కుదిర్చినట్టు. సిమెంట్ సెట్ అయిందంటే కుదురుకుందని. మిగతాదంతా పక్కనున్న మాటల నుంచి వస్తుంది. మరి ఆ 430 భాషలో నిజంగా ఉన్నవేనా, లేక నిఘంటువు రాసేవాళ్లు ముక్కలు చేస్తే వచ్చినవా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

అనువాదకురాలు

మాస్టారూ, మీతో ఏకీభవించలేను. ‘కుదర్చడం’ వినడానికి బాగుంది కానీ పనిలోకి దిగితే నిలబడదు.

నా దగ్గరికి సరిచూడమని వచ్చిన ఒక కాగితం గురించి చెబుతాను. నేల పలకలు (టైల్స్) అతికించే సిమెంట్ పదార్థం డబ్బా మీద వేయాల్సిన సూచనలు అవి. పలకలు వేసిన చోటును వాడే ముందు 24 గంటలు ఆ పదార్థాన్ని సెట్ అవ్వనివ్వాలని ఇంగ్లిష్‌లో ఉంది. తెలుగులో “24 గంటలు అమర్చండి” అని రాశారు. చదివినవాడు ఏం చేయాలి? రోజంతా పలకను పట్టుకుని సర్దుతూ కూర్చోవాలా? నేను ముందు “ఆరనివ్వండి” అని దిద్దాను. తర్వాత అదీ తప్పేనని తెలిసింది. సిమెంట్ సెట్ అవడం అంటే తడి ఆరిపోవడం కాదు, నీటితో కలిసి రసాయన చర్య జరిగి బిగుసుకోవడం. అందుకే అది నీళ్ల అడుగున కూడా బిగుసుకుంటుంది. ఆరాలని ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. చివరికి “గట్టిపడనివ్వండి” అని రాశాను.

కోర్టు వార్తలు చూడండి. పై కోర్టు ఒక తీర్పును ‘సెట్ అసైడ్’ చేస్తే చాలామంది “పక్కన పెట్టింది” అని రాస్తారు. తర్వాత చూద్దామని వాయిదా వేసినట్టు ధ్వనిస్తుంది. అసలు అర్థం రద్దు చేసిందని. అదే మాట డబ్బుతో వస్తే ఒక అవసరం కోసం విడిగా దాచడం. ఒకచోట రద్దు చేయడం, ఇంకోచోట భద్రం చేయడం. రెండూ ‘కుదర్చడమే’ అంటే ఎలా ఒప్పుకోను?

ఇంగ్లిష్ మాస్టారు

మీరు చెప్పిన సిమెంట్ సంగతి నాకు కొత్త. థాంక్స్ అండి. కానీ మీ వాదనలో ఒక చిక్కుంది. తెలుగులోకి తేవడానికి పది మాటలు కావాల్సి వచ్చిందంటే ఇంగ్లిష్‌లో పది అర్థాలు ఉన్నట్టేనా? మన ‘పెట్టు’ చూడండి. పేరు పెడతాం, సంతకం పెడతాం, ముద్దు పెడతాం, కేసు పెడతాం, పరీక్ష పెడతాం, మనసు పెడతాం. వీటిని ఇంగ్లిష్‌లోకి మార్చాలంటే ఒక్కోదానికి ఒక్కో క్రియ కావాలి. అందుకని మనం ‘పెట్టు’కు ఇన్ని అర్థాలున్నాయని అనుకుంటూ పెరిగామా? మనకు అది ఒకే మాట. లెక్క వేరే భాష వైపు నుంచి చూసినప్పుడే పెరుగుతోంది.

నిఘంటువుల పిచ్చి

ఆ 430 గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

430 అన్నది ఒంటరి క్రియకు మాత్రమే. ‘సెట్ అప్’, ‘సెట్ ఆఫ్’ లాంటి జంట క్రియలు, నుడికారాలు కలిపితే దాదాపు 580. పైగా ఆ రికార్డు ఇప్పుడు ‘సెట్’ది కాదు. మూడో కూర్పు కోసం పాత వివరణలను వరుసగా తిరగరాస్తూ వచ్చారు. 2000లో ‘మేక్’ దాన్ని దాటింది, 2007లో ‘పుట్’, 2011లో ‘రన్’. ‘రన్’ క్రియకు 645 అర్థాలు తేలాయి. ఆ ఒక్క మాట మీద ఒక సంపాదకుడు తొమ్మిది నెలలు పనిచేశారు.

ఈ పదకొండేళ్లలో ‘సెట్’ ఏమీ చిక్కిపోలేదు. దాన్ని తిరగరాసే వంతు రాలేదు, అంతే. అంటే ఈ సంఖ్య మాట స్వభావం ఎంత చెబుతుందో, ఎవరు ఎప్పుడు ఎంత సన్నగా తరిగారన్నది కూడా అంతే చెబుతుంది. నిఘంటువు పనిలో రెండు రకాల మనుషులుంటారు, కలిపేవాళ్లు, విడదీసేవాళ్లు. గడియారాన్ని సెట్ చేయడం, ఉచ్చును సెట్ చేయడం ఒకరికి ఒకటే అర్థం, “పనిచేయడానికి సిద్ధం చేయడం”. ఇంకొకరికి రెండు. ఇద్దరూ తప్పు కాదు. పెద్ద చారిత్రక నిఘంటువు వాడుక పోయిన పాత అర్థాలనూ పడవల మీద, అచ్చుయంత్రాల దగ్గర మాత్రమే వాడేవాటినీ కూడా దాచిపెడుతుంది. నేర్చుకునేవాళ్ల నిఘంటువులో వాటిలో చిన్న భాగమే ఉంటుంది. ఆ అమ్మాయికి రెండో పుస్తకం తెరిచి చూపించండి.

ఇంకో మాట. ఎక్కువగా వాడే మాటలకే ఎక్కువ అర్థాలుంటాయని అమెరికా పరిశోధకుడు జార్జ్ జిఫ్ 1945లోనే లెక్కలతో చూపించాడు. కాబట్టి ఎన్నో అర్థాలున్న మాట కనిపిస్తే భయపడక్కర్లేదు. అది రోజూ ఎదురయ్యే మాట, తనంతట తానే అలవాటైపోతుంది.

మూలాల దారి

ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. ‘సెట్’ ఒక మాట కాదు, కనీసం రెండు.

మాస్టారు చెబుతున్న క్రియ పాత ఇంగ్లిష్‌లోని ‘సెట్టన్’. అది ‘సిట్టన్’కు, అంటే కూర్చోవడానికి, ప్రేరణ రూపం. మనకు దిగు–దింపు, నిండు–నింపు, మునుగు–ముంచు ఎలాగో వాళ్లకు సిట్–సెట్ అలాగ. కూర్చుంటే సిట్, కూర్చోబెడితే సెట్. లై–లే, రైజ్–రేజ్ జతలు కూడా ఈ కోవవే. ఈ దారిలో చూస్తే మాస్టారి ‘కుదర్చడం’ చాలా దగ్గరగా వచ్చింది. ఆ ‘సిట్’ కూడా మనకు పరాయిది కాదు. సంస్కృతంలో ‘సద్’ ధాతువు దాని చుట్టమే. సదస్సు, పరిషత్తు, ఉపనిషత్తు, అన్నిట్లోనూ కూర్చోవడమే ఉంది.

కానీ వస్తువుల గుంపును చెప్పే ‘సెట్’, ‘ఒక సెట్ పుస్తకాలు’ అన్నప్పటి సెట్, వేరే ఇంటిది. అది పాత ఫ్రెంచ్ ‘సెట్’ ద్వారా లాటిన్ ‘సెక్టా’ నుంచి వచ్చింది. సెక్టా అంటే ఒకరిని అనుసరించే జనం, శాఖ. మతశాఖను చెప్పే ‘సెక్ట్’ దీని తోబుట్టువు. రెండు వేర్వేరు మాటలు ఇంగ్లిష్‌లో ఒకే రూపానికి చేరాయి. మన వందను చెప్పే ‘నూరు’, రాతి మీద ‘నూరు’ లాగా. మాస్టారూ, ‘కుదర్చడం’తో పుస్తకాల సెట్‌ను వివరించగలరా?

లెక్కల టీచర్

మా సబ్జెక్టులోని సెట్ కూడా ఆ రెండో ఇంటిదే. సమితుల సిద్ధాంతానికి పునాది వేసిన గణితవేత్త కాంటర్ జర్మన్‌లో వాడిన మాట ‘మెంగె’, దాన్ని ఇంగ్లిష్‌లో మొదట్లో ‘అగ్రిగేట్’ అని కూడా అన్నారు, తర్వాత ‘సెట్’ నిలబడింది. తెలుగు మీడియం పిల్లలకు ‘సమితి’ అంటే ఒక్కటే కాబట్టి గందరగోళం లేదు. ఇంగ్లిష్ మీడియంలో మాత్రం “ఆర్డర్‌లో సెట్ చేయాలా సార్?” అని అడిగిన పిల్లలున్నారు. సమితికి వరుసతో పనే లేదు. ఇక్కడ రెండు మాటలని ముందే చెప్పేస్తే పిల్లల సమయం మిగులుతుంది.

ఇంగ్లిష్ మాస్టారు

ఒప్పుకుంటున్నాను. నామవాచకం సంగతి నాకు తట్టలేదు. రేపు ఆ రెండింటినీ విడదీసి చెబుతాను. క్రియ విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. సూర్యుడి విషయమే చూడండి. మా ఊరివాళ్లు “పొద్దు కూకింది” అంటారు, కూర్చోమనడానికి “కూకో” అంటారు. సూర్యుడు కూర్చోవడం మనకూ ఉంది, వాళ్లకూ ఉంది. పునాది ఒకటేనని ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మూలాల దారి

ఇంగ్లిష్ వైపు మీరన్నది నిజం. పాత ఇంగ్లిష్‌లో సూర్యాస్తమయాన్ని ‘సెట్ల్‌గాంగ్’ అనేవారు. సెట్ల్ అంటే పీఠం, గాంగ్ అంటే వెళ్లడం. సూర్యుడు తన పీఠానికి చేరుకోవడం అన్నమాట.

తెలుగు వైపు తొందరపడకండి. పాత తెలుగులో అది ‘ప్రొద్దు గ్రుంకడం’. గ్రుంకడం అంటే మునగడం. నోటి వాడుకలో రకారం, సున్న అరిగిపోయి ‘కూకడం’ దగ్గరికి వస్తే అది కూర్చునే ‘కూకో’ను పోలి కనిపిస్తుంది. ఇప్పుడే కదా రెండు ‘సెట్’ల గురించి మాట్లాడుకున్నాం. రూపం కలిసినంత మాత్రాన పుట్టుక కలిసినట్టు కాదు. మన మాట అయినప్పుడు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే కలిసిపోవాలని మనకే ఉంటుంది.

భాషాశాస్త్రం చదువుతున్నా

పుట్టుకను బట్టి ఇప్పటి అర్థాలను లెక్కపెట్టలేం అనుకుంటున్నాను. మాట్లాడేవాళ్లకు ఆ చరిత్ర తెలియదు కదా. దానికి ఒక పరీక్ష ఉంది. ఒకే క్రియను ఒక్కసారే వాడి దానికి రెండు కర్మలు తగిలించి చూడాలి.

“ఆమె సంతకమూ ముద్దూ పెట్టింది.” చెవి ఆగిపోతుంది. “ఆమె సంతకమూ తేదీ పెట్టింది” అంటే సాఫీగా పోతుంది. మాస్టారు ‘పెట్టు’ మనకు ఒకే మాట అన్నారు. ఒకే మాటే, కానీ లోపల గదులున్నాయి. ఇంగ్లిష్‌లోనూ అంతే. తేదీనీ సమయాన్నీ కలిపి ‘సెట్’ చేయొచ్చు. అలారాన్నీ ప్రపంచ రికార్డునూ ఒకే ‘సెట్’తో కలిపితే ఇంగ్లిష్ వాళ్ల చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇలా చూస్తే గదులు 430 ఉండవు, అలాగని ఉన్నది ఒక్క గదే కాదు. పక్కపక్క గదుల మధ్య తలుపులుంటాయి కానీ మొదటి గది నుంచి చివరి గదికి నేరుగా దారి ఉండదు. అలారం సెట్ చేయడానికీ సిమెంట్ సెట్ అవడానికీ ఉమ్మడిగా ఉన్నది వెతికితే “కదలకుండా” అన్న పలచటి మాట మిగులుతుంది. అది ‘ఫిక్స్’కూ సరిపోతుంది, ‘హోల్డ్’కూ సరిపోతుంది. అంత పలచబడ్డాక అది ‘సెట్’ అర్థం ఎలా అవుతుంది?

అనువాదకురాలు

నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఇదే. పునాది చెబితే మాట ఎందుకలా పుట్టిందో అర్థమవుతుంది. తర్వాత వాక్యంలో ఏం రాయాలో దానివల్ల తెలియదు. ‘సెట్ అప్’ అంటే సంస్థను స్థాపించడం, ఒక మనిషిని కుట్రలో ఇరికించడం కూడా. “వాళ్లు అతన్ని సెట్ అప్ చేశారు” అన్న వాక్యంలో పునాది చూసి అర్థం చెప్పమంటే ఆ అమ్మాయి కచ్చితంగా తప్పు చెబుతుంది.

సొంతంగా నేర్చుకున్నవాడు

నేను ఏ చదువూ లేకుండా పనిచేస్తూ ఇంగ్లిష్ నేర్చుకున్నాను. ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టేసిందని చదివి నా పాత రోజులు గుర్తొచ్చాయి. ‘గెట్’కు ఒక పుస్తకంలో మూడు పేజీల అర్థాలు చూసి ఆ పుస్తకం మళ్లీ తెరవలేదు.

తర్వాత నాకు పనికొచ్చింది ఒక నోటుబుక్. మాటకు అర్థం రాసేవాడిని కాదు, జత రాసేవాడిని. ‘సెట్’ పక్కన అలారం, డేట్, గోల్, రికార్డ్, ఎగ్జాంపుల్, ట్రాప్, ఫైర్. ఒక్కోదానికి నేను విన్న వాక్యమే రాసుకున్నా. ‘ఫైర్’తో అయితే తర్వాత ‘టు’ వస్తుందని కూడా అలాగే పట్టుబడింది. ఇరవై జతలు అయ్యేసరికి కొత్తది వినగానే అదే అర్థమవడం మొదలైంది. ఇంకోటి కూడా గమనించా. వెనక కర్మ లేకుండా ఒంటరిగా ‘సెట్’ వస్తే చాలావరకు రెండే, సూర్యుడో చంద్రుడో దిగిపోవడం, లేదా ఏదో గట్టిపడటం. ఈ ఒక్క గుర్తు తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఎన్ని అర్థాలున్నాయన్నది నాకు ఎప్పుడూ అవసరం పడలేదు.

ఇంగ్లిష్ మాస్టారు

ఇవాళ క్లాసులో చేసింది చెబుతాను. 430 గురించి నేను చెప్పిన తీరు తప్పని పిల్లలతోనే అన్నాను. బోర్డు మీద మధ్యలో గీత గీసి ఒక పక్క కూర్చోబెట్టే సెట్, ఇంకో పక్క గుంపు సెట్ రాశాను. తర్వాత జతలు చెప్పమన్నాను. పదిహేడు వచ్చాయి. వాటిలో దగ్గరగా ఉన్నవాటిని గీతలతో కలపమంటే వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. అలారాన్ని ఉచ్చుతో కలపాలని సగంమంది, తేదీతో కలపాలని సగంమంది. నిఘంటువు రాసేవాళ్లు పడే గొడవ ఇదేనని చెప్పాను. ఒకే అర్థం అన్న నా వాదన అక్కడ నాకే బలహీనంగా అనిపించింది. అయినా ‘కుదర్చడం’ అని ముందు చెప్పడం వల్లే వాళ్లు ఆ గీతలు గీయగలిగారని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ముందు బెంచీ అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది, నాకు జవాబు తెలియలేదు. సెట్ అంటే కుదర్చడం అయితే ‘అప్‌సెట్’ అంటే పైకి కుదర్చడం కావాలి కదా, కుదురు చెడిపోవడం ఎలా అయింది అని.

మూలాల దారి

చాలా మంచి ప్రశ్న, ఆమెకు నా తరఫున చెప్పండి. ఆమె అనుకున్నదే మొదటి అర్థం. పదిహేనో శతాబ్దంలో ‘అప్‌సెట్’ అంటే పైకి లేపి నిలబెట్టడమే. బోల్తా కొట్టించడం అన్న అర్థం చాలా తర్వాత, పందొమ్మిదో శతాబ్దం నాటికి స్థిరపడింది. మనసు కలత పడటానికి వాడుక ఆ బోల్తా నుంచి వచ్చింది. ‘సెట్ అప్’ మాత్రం నిలబెట్టడం దగ్గరే ఉండిపోయింది. అవే రెండు ముక్కలు, ‘అప్’ ముందు పెడితే పడగొట్టడం, వెనక పెడితే నిలబెట్టడం. రెండూ ఆ బోర్డు మీద రాసి, గీత ఎక్కడ గీయాలో ఆమెనే గీయమనండి.