వేడికి పాడైన పాప ఉంగరాల జుట్టు మళ్లీ రింగులు తిరుగుతుందా?

నీలిదువ్వెన అడిగిన ప్రశ్న:

పాపకి 7 ఏళ్లు. పుట్టుకతోనే ఒత్తైన ఉంగరాల జుట్టు, సన్న రింగులు. తరచూ స్ట్రెయిట్‌నర్ పెట్టడం, పొడి జుట్టునే సన్న పళ్ల దువ్వెనతో దువ్వడం, ఆపైన వారం వారం ఈత కొలను. ఇప్పుడు కుదుళ్ల దగ్గర నాలుగు వేళ్ల మేర రింగులు బాగున్నాయి. ఆ కిందంతా సాగిపోయినట్టు జారుగా వేలాడుతోంది, కొసలు చిట్లి గోధుమరంగుకి తిరిగాయి. పొడుగు నడుము పైదాకా ఉంది. దువ్వితే పొట్టి పొట్టి ముక్కలు రాలుతున్నాయి. కింది భాగం మళ్లీ మెలి తిరిగే మార్గం ఉందా, లేక కత్తిరించాల్సిందేనా? తల స్నానం, చిక్కు తీయడం ఎలా చేస్తే ఇంకా పాడవకుండా ఉంటుంది? చిక్కు తీసేటప్పుడు బాగా ఏడుస్తుంది, అది దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

జడగంటలు సమాధానం:

కత్తిరించే ముందు ఒక పరీక్ష చేయండి. షాంపూతో కడిగి, కండిషనర్, జెల్ ఏమీ రాయకుండా, దువ్వకుండా, గాలికి ఆరనివ్వండి. ఆరాక ఏ భాగం మెలి తిరిగిందో, ఏది తిరగలేదో పాయ పాయగా చూడండి. స్ట్రెయిట్‌నర్ వేడి తక్కువైతే వెంట్రుక ఆకారాన్ని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు మాత్రమే తాత్కాలికంగా విడిపోతాయి. నీళ్లు తగలగానే అవి మళ్లీ పాత చోట కుదురుకుంటాయి, రింగులూ తిరిగొస్తాయి. కానీ చాలా స్ట్రెయిట్‌నర్లు 180 నుంచి 230 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. ఆ వేడి పదే పదే తగిలితే లోపలి కెరాటిన్ (వెంట్రుక ప్రోటీన్) నిర్మాణమే దెబ్బతింటుంది, పైపొర పొలుసులు లేచి రాలిపోతాయి. సరిగా ఆరని జుట్టుకి పెడితే నష్టం ఇంకా ఎక్కువ: లోపల చిక్కుకున్న నీరు మరిగి ఆవిరై వెంట్రుకలో బుడగలు చేస్తుంది, ఆ బుడగ ఉన్నచోటే తర్వాత విరుగుతుంది.

కాబట్టి తడిపి ఆరబెట్టినా సాగి వేలాడే భాగం ఇక మెలి తిరగదు. వెంట్రుకలో జీవం ఉండేది మాడు లోపలి కుదురులోనే. బయటికొచ్చిన వెంట్రుకకి గాయం మానే గుణం లేదు, ఏ సీసా మీద ఏం రాసున్నా సరే. అయితే రింగు తిరగడం కుదురు ఆకారాన్ని బట్టి ఉంటుంది, వేడి అక్కడిదాకా పోదు. అందుకే పైన కొత్తగా వస్తున్నది చక్కగా రింగులు తిరుగుతోంది. దాన్ని కాపాడుకుంటూ, కిందిదాన్ని కొద్దికొద్దిగా వదిలించుకోవడమే ఇక్కడ అసలు పని.

జుట్టు నెలకి సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. మీకు పైన మంచి భాగం 7 సెంటీమీటర్లు ఉందనుకుంటే, ఒకేసారి కత్తిరిస్తే బాగా పొట్టిదైపోతుంది. పాపకి అది ఇష్టమైతే పని ఒక్కపూటలో తీరుతుంది. ఇష్టం లేకపోతే ముందు భుజాల దాకా తీయించి, ఆపైన 6 నుంచి 8 వారాలకోసారి 2 నుంచి 3 సెంటీమీటర్ల చొప్పున తగ్గించండి. ఈలోగా అన్నిటికంటే జాగ్రత్త కావాల్సింది కొత్త రింగులు, పాత సాగిన భాగం కలిసే చోట. తెగేది ఎక్కువగా అక్కడే. రాలుతున్న ముక్కలకి ఒక చివర తెల్లటి చిన్న ఉబ్బు కనిపించకపోతే అవి కుదురు నుంచి ఊడినవి కావు, మధ్యలో విరిగినవి.

ఇక తల స్నానం. 5 నుంచి 7 రోజులకోసారి చాలు. సల్ఫేట్ లేని షాంపూ 5 మిల్లీలీటర్లు తీసుకుని 50 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో కలిపి మాడు మీద మాత్రమే పోయండి. వేలి కొసలతో రుద్దండి, గోళ్లతో కాదు. జుట్టంతా నెత్తిమీదికి కుప్పగా లాగి నురగ చేయడం వల్లే సగం చిక్కులు పడతాయి. జుట్టుని కిందికి వేలాడనిస్తే, నీళ్లు పోసేటప్పుడు జారే నురగే కొసల్ని శుభ్రం చేస్తుంది.

చిక్కు ఎప్పుడూ కండిషనర్ పట్టించిన తడి జుట్టులోనే తీయాలి. జుట్టుని 6 పాయలుగా విడదీసి క్లిప్పులు పెట్టండి. ఒక్కో పాయకి 5 నుంచి 8 మిల్లీలీటర్ల కండిషనర్ కావాలి, తక్కువైతే జారదు. అరచేతుల మధ్య పాయని పైనుంచి కిందికి నిమిరినట్టు పట్టించి 3 నిమిషాలు ఆగండి. ముందు వేళ్లతోనే పెద్ద ముడులు విడదీయండి. తర్వాత పెద్ద పళ్ల దువ్వెనతో కొసల్లో చివరి 4 సెంటీమీటర్లు దువ్వి, అది జారాక ఇంకో 4 పైకి వెళ్లండి. దువ్వెన ఆడుతున్నంతసేపూ దానికి పైన పాయని రెండో చేత్తో గట్టిగా పట్టుకోవాలి. లాగే బలం మీ పిడికిలి దగ్గరే ఆగిపోతుంది, మాడుకి చేరదు. పిల్లలు ఏడ్చేది చాలావరకు ఈ ఒక్కటి చేయనందువల్లే. తీసిన పాయని అక్కడే వదులుగా మెలిపెట్టి పక్కన పెట్టండి, లేకపోతే పక్క పాయతో మళ్లీ కలిసిపోతుంది.

ఉండకట్టిన ముడి దొరికితే దువ్వెన పక్కన పెట్టి, దానిమీద ఇంకాస్త కండిషనర్ వేసి 10 నిమిషాలు వదిలేయండి. తర్వాత అంచుల నుంచి ఒక్కో వెంట్రుకని పక్కకి లాగుతూ విడదీయండి, కిందికి కాదు. ఒంటి వెంట్రుక తనకు తానే వేసుకున్న బుల్లి ముడిని మాత్రం విప్పే ప్రయత్నం వద్దు, పదునైన కత్తెరతో దాని పైన కత్తిరించేయండి. మొద్దు కత్తెర వాడితే తెగిన చోటే మళ్లీ చిట్లుతుంది.

పాపిట సమాధానం:

పై సమాధానానికి కొనసాగింపుగా రెండు మాటలు. ఒకటి, కొనేటప్పుడు ముందువైపు రాతలు కాదు, వెనక పదార్థాల జాబితా చూడండి. జారుడుతనం ఇచ్చేవి బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్, బెహెన్‌ట్రైమోనియం మెథోసల్ఫేట్, సెట్రిమోనియం క్లోరైడ్. వీటికి ధనావేశం ఉంటుంది. దెబ్బతిన్న వెంట్రుక మీద ఋణావేశం ఎక్కువ కాబట్టి ఎక్కడ ఎక్కువ పాడైందో అక్కడే ఎక్కువగా అంటుకుంటాయి. సెటిల్, సెటరిల్ ఆల్కహాల్ అని ఉంటే భయపడకండి, అవి మెత్తబరిచే కొవ్వు ఆల్కహాల్స్. ఎండగొట్టేది జాబితా మొదట్లో కనిపించే ఆల్కహాల్ డీనాట్.

రెండు, ప్రోటీన్. తడి వెంట్రుకని ఒకదాన్ని రెండు వేళ్ల మధ్య మెల్లగా లాగండి. కాస్త సాగి వెనక్కి వస్తే బాగున్నట్టు. పట్టు పోయిన రబ్బరులా సాగుతూ పోయి వెనక్కి రాకుంటే హైడ్రొలైజ్డ్ (చిన్న ముక్కలుగా విడగొట్టిన) కెరాటిన్ గానీ గోధుమ ప్రోటీన్ గానీ ఉన్న కండిషనర్ 3 నుంచి 4 వారాలకోసారి, 10 నిమిషాలు పెట్టండి. అది పాడైన చోట తాత్కాలికంగా పూతలా నిలుస్తుంది, కొన్ని స్నానాలకి పోతుంది. సాగకుండా పుటుక్కున తెగితే ప్రోటీన్ ఆపేసి మెత్తని కండిషనర్ మీదే ఉండండి. వారం వారం ప్రోటీన్ పెడితే జుట్టు గడ్డిలా బిరుసెక్కుతుంది, పాడైంది ఇంకా తగ్గలేదనుకుని మరింత పెడుతుంటారు. అక్కడ ఆగాలి.

నూనెల్లో కొబ్బరి నూనెకి ఒక ప్రత్యేకత ఉంది. అందులోని లారిక్ ఆమ్లం వల్ల అది వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రోటీన్ పోకుండా కొంత ఆపుతుంది. మినరల్ ఆయిల్ పైనే ఉండిపోతుంది. స్నానానికి అరగంట ముందు 5 మిల్లీలీటర్లు, పొడవున మాత్రమే రాయండి. చుండ్రు ఉంటే మాడుకి రాయొద్దు, ఆ శిలీంధ్రం నూనెలోని కొవ్వు ఆమ్లాల మీదే పెరుగుతుంది. వంటసోడా లాంటి చిట్కాలు అసలు వద్దు. దాని పీహెచ్ 8 పైనే, అంటే క్షారగుణం, వెంట్రుక పొలుసులు పైకి లేస్తాయి.

కుదురు సమాధానం:

ముందు మాడు చూశారా? పాయలు విడదీసి వెలుతురులో చూడండి. పొట్టు రాలుతూ, మధ్యలో వెంట్రుకలు మాడు మట్టానికే విరిగి నల్ల చుక్కల్లా కనిపిస్తే అది శిలీంధ్రం వల్ల వచ్చే తామర కావచ్చు. పైపూత మందులతో తగ్గదు, డాక్టరు చెప్పిన మాత్రలు వారాల తరబడి వాడాలి, దువ్వెనలూ టోపీలూ వేరుగా ఉంచాలి. నున్నగా గుండ్రంగా ఖాళీ అయిన మచ్చ వేరే జబ్బు. నుదుటి అంచున, చెవుల పైన పలచబడితే బిగుతు జడల వల్ల. ఈ మూడింటిలో ఏది కనిపించినా చర్మ వైద్యులకి చూపించాక మిగతా పని మొదలుపెట్టండి. మొదట్లోనే జడలు వదులు చేస్తే ఆ అంచు జుట్టు తిరిగి వస్తుంది, ఏళ్లు గడిస్తే కుదురే మూసుకుపోతుంది.

ఇంకో మాట. పిల్లలకి కెరాటిన్ ట్రీట్‌మెంట్, స్మూతెనింగ్ అని చేసేవాటి జోలికి వెళ్లకండి. వాటిలో చాలావాటి నుంచి వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు వెలువడుతుంది. కళ్లు, ఊపిరితిత్తుల మీద దాని ప్రభావం తెలిసిందే, క్యాన్సర్ కారకాల్లో కూడా ఒకటి. జుట్టు బాగైనట్టు కనిపిస్తుంది గానీ రింగుల్ని అణచి సాపు చేసేదే ఆ పని, మీరు కోరుకునేదానికి సరిగ్గా వ్యతిరేకం.

నీలిదువ్వెన:

అందరికీ చాలా థాంక్సండీ. మాడు చూశాను, పొట్టు గానీ మచ్చలు గానీ లేవు. పరీక్షలో కింది భాగం అసలు మెలి తిరగలేదు, భుజాల దాకా తీయించేస్తాను. ఈత మాన్పించడం కుదరదు. దానికేం చేయాలి? ఆరబెట్టడం, రాత్రి పడుకునేటప్పటి సంగతి కూడా చెప్పండి.

జడగంటలు:

ఈత మాన్పించక్కర్లేదు. దిగే ముందు మామూలు నీళ్లతో జుట్టు పూర్తిగా తడపండి. అప్పటికే నీళ్లు పీల్చుకున్న వెంట్రుక కొలను నీటిని తక్కువ తీసుకుంటుంది. పైన ఒక స్పూను కండిషనర్ పట్టించి, వదులుగా జడేసి సిలికోన్ టోపీ పెట్టండి. బయటికి రాగానే, ఆరకముందే కడిగేయాలి. నెలకోసారి ఈడీటీఏ ఉన్న షాంపూ వాడితే పేరుకున్న రాగి, కాల్షియం వదులుతాయి. ఆరోజు కండిషనర్ ఎక్కువ పెట్టండి, ఆ షాంపూ తర్వాత జుట్టు బిరుసుగా ఉంటుంది.

ఆరబెట్టడానికి పాత కాటన్ టీషర్టు చాలు. దాంతో జుట్టుని కిందినుంచి పైకి గుప్పిట్లో నొక్కి నీళ్లు పిండండి, రుద్దొద్దు. తువ్వాలు గరుకు నూలు పోగులు లేచిన పొలుసుల్ని పట్టుకుని లాగుతాయి. నీళ్లు ఇంకా కారుతుండగానే కడగక్కర్లేని కండిషనర్ పాయకి 2 మిల్లీలీటర్ల చొప్పున పెట్టి మళ్లీ గుప్పిట్లో నొక్కండి. పూర్తిగా ఆరేదాకా చేయి పెట్టకపోతేనే రింగు రింగుగా కుదురుతుంది, మధ్యలో విడదీస్తే పొగలా లేస్తుంది. డ్రయ్యర్ తప్పనిసరైతే డిఫ్యూజర్ (గాలిని చెదరగొట్టే మూతి) తగిలించి, తక్కువ వేడిలో, ఒక జానెడు దూరంలో.

పాపిట:

రాత్రికి శాటిన్ దిండు గలీబు. టోపీలూ, మెడ కింద కట్టే తాళ్లూ చిన్నపిల్లలకి సురక్షితం కావు, నిద్రలో జారి మెడకి చుట్టుకోవచ్చు. మరీ చిక్కుపడుతుంటే రెండు వదులు జడలు, చివర బట్ట చుట్టిన బ్యాండు. సన్న రబ్బరు బ్యాండు జుట్టులో ఉంటే లాగకండి, చిన్న కత్తెరతో కత్తిరించి తీయండి.

పొద్దున దువ్వక్కర్లేదు. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 5 మిల్లీలీటర్ల కండిషనర్ కలిపి స్ప్రే సీసాలో పోసుకుని, లేచిన చోట మాత్రం చల్లి వేలికి చుట్టి వదలండి. ఆ నీళ్లు రెండు రోజులకి మించి ఉంచకండి. కండిషనర్లోని నిల్వ పదార్థం అంత పలచనయ్యాక పనిచేయదు, సూక్ష్మజీవులు పెరుగుతాయి.

కుదురు:

కత్తిరించేవాళ్లకి ముందే చెప్పండి: పొడి జుట్టు మీద, రింగులు సహజంగా వేలాడుతుండగానే కత్తిరించమని. తడిలో రింగు సాగి ఉంటుంది, ఆరాక అనుకున్నదానికంటే పొట్టిగా ముడుచుకుపోతుంది. సన్న రింగులైతే సగం పొడుగు కూడా తగ్గొచ్చు. పలచబరిచే కత్తెర, రేజరు వద్దని కూడా చెప్పండి. వాటితో కోసిన ఏటవాలు కొస త్వరగా చిట్లుతుంది.