మొదటి విదేశీ ప్రయాణం, ఇద్దరమే: హాంకాంగ్ డిస్నీనా, టోక్యో డిస్నీనా?

తిరుచానూరు_రోడ్డు

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. నేను ఒక కాలేజీలో అకౌంట్స్ చూస్తాను, ఆయన లాడ్జిలో మేనేజరు. పెళ్ళయి చాలా కాలమైనా ఇద్దరం కలిసి దేశం దాటింది లేదు. డిస్నీ పార్కు చూడాలని నాకు చిన్నప్పటి నుంచి కోరిక. ఈసారి ఆయనే "సరే, పోదాం పద" అన్నారు. బ్రహ్మోత్సవాలు, దసరా రద్దీ అయితే గానీ ఆయనకు సెలవు దొరకదు కాబట్టి నవంబరు అనుకుంటున్నాం. అమెరికా మా బడ్జెట్‌కు అందదు, పైగా ఆ వీసా ఇంటర్వ్యూ టెన్షన్ ఒకటి. చివరికి హాంకాంగ్, టోక్యో మిగిలాయి. నేను శాకాహారిని, ఆయన అన్నీ తింటారు. ఏది మేలు?

పుత్తూరు_పిల్ల

హాంకాంగ్. మన పాసుపోర్టుకు అక్కడ వీసా అక్కర్లేదు. బయలుదేరే ముందు వాళ్ళ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నమోదు చేసుకుని ఆ స్లిప్పు ప్రింట్ తీసుకుంటే చాలు, దానికి డబ్బు కట్టేది లేదు, 14 రోజుల దాకా ఉండొచ్చు. చెన్నై నుంచి నేరుగా విమానం ఉంది. పార్కు చిన్నది, అదే దాని సుఖం, కాళ్ళు పడిపోకుండా చూసి రావచ్చు. 2023 నవంబరులో ఫ్రోజెన్ సినిమా ఊరిని అచ్చంగా కట్టి తెరిచారు, ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. సన్నీ బే స్టేషన్‌లో మెట్రో మారి ఎక్కే చిన్న రైలుకు కిటికీలు మిక్కీ తల ఆకారంలో ఉంటాయి, నిలబడి పట్టుకునే పిడులు కూడా అంతే. పార్కు చేరకముందే మీ మొహం వెలిగిపోతుంది.

కానీ ప్యాకేజీ టూరులో మాత్రం పోవద్దు. మేం అత్తగారి తరఫు బంధువులందరితో కలిసి ఒక టూరు వాళ్ళ మాట నమ్మి వెళ్ళాం. పార్కులో ఉన్న కోట మీద వెలుగుల ప్రదర్శన చీకటి పడ్డాక ఉంటుంది కదా, దానికి ముందే "బస్సు టైమైంది, డిన్నర్ చల్లారిపోతుంది" అని అందరినీ గేటు బయటికి తోలేశారు. నేను ఏడ్చినంత పని చేశాను. వెనక్కి తిరిగి చూస్తే కోటకు అప్పుడే దీపాలు వేస్తున్నారు. ఇంతా చేసి వాళ్ళు పెట్టిన డిన్నర్ ఏమిటంటే ఎండిపోయిన నాన్, పనీరు.

కాణిపాకం_కుర్రాడు

అక్కా, అంత దూరం పోయేవాళ్ళు చిన్న పార్కు ఎందుకు చూడాలి? టోక్యో శివార్లలో రెండు పార్కులు పక్కపక్కనే ఉన్నాయి. 1983లో తెరిచిన డిస్నీల్యాండ్ ఒకటి, 2001లో తెరిచిన డిస్నీసీ ఇంకొకటి. సముద్రం నేపథ్యంతో డిస్నీ పార్కు ప్రపంచం మొత్తంలో ఇంకెక్కడా లేదు. మధ్యలో అగ్నిపర్వతం, చుట్టూ నీళ్ళు, రేవులు. చీకటి పడ్డాక అక్కడ నిలబడితే పార్కులో ఉన్నామనే అనిపించదు. 2024 జూన్‌లో ఫాంటసీ స్ప్రింగ్స్ అని కొత్త భాగం కూడా కలిపారు, అందులో కూడా ఫ్రోజెన్ ఉంది. టికెట్ రోజును బట్టి 7,900 నుంచి 10,900 యెన్ దాకా. వీసా కావాలి నిజమే, బ్యాంకు స్టేట్‌మెంటు, ఐటీ రిటర్న్, ఏ రోజు ఎక్కడ ఉంటారో రాసిన కాగితం, ఇవన్నీ సిద్ధం చేసుకోవాలి. అకౌంట్స్ చూసేవాళ్ళకు అదేం కష్టం?

నగరి_మగ్గం

ఎక్కడికైనా పోండి, చెప్పులు మాత్రం పాతవి వేసుకోండి. కొత్త షూస్ వద్దు.

తిరుచానూరు_రోడ్డు

అందరికీ థాంక్స్. నాకు అసలు భయం భోజనం. చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ తీసుకుపోతే గదిలో అన్నం వండుకోవచ్చా? ఆవకాయ, పప్పుల పొడి, నెయ్యి ఉంటే నాకు చాలు.

సెట్టిపల్లి_ఫిట్టర్

ఆగండమ్మా. జపాన్ అయితే కుక్కర్ తీసుకుపోవద్దు. అక్కడ కరెంటు 100 వోల్టులు, మన కుక్కర్లు 230 వోల్టులకు చేసినవి. వోల్టేజీ సగానికి పడితే వేడి సగం కాదు, పావు వంతుకు పడుతుంది. 700 వాట్ల కుక్కర్ అక్కడ సుమారు 130 వాట్లే లాగుతుంది. బియ్యం నానుతాయి గానీ ఉడకవు. హాంకాంగ్ అయితే 220 వోల్టులు, మన కుక్కర్ హాయిగా పనిచేస్తుంది, కాకపోతే వాళ్ళ ప్లగ్గు బ్రిటిష్ వాళ్ళ చదరపు మూడు పిన్నులది, అడాప్టర్ కొనుక్కోవాలి.

కాణిపాకం_కుర్రాడు

అన్నా, కన్వర్టర్ పెట్టుకుంటే సరిపోతుంది కదా.

సెట్టిపల్లి_ఫిట్టర్

సరిపోదు. మీరు చెప్పే చిన్న కన్వర్టర్లు సెల్‌ఫోన్ ఛార్జర్లకే సరిపోతాయి. 700 వాట్లు మోసే ట్రాన్స్‌ఫార్మర్ కిలోల లెక్కన బరువుంటుంది, అది సూట్‌కేసులో పెడితే ఆమె చీరలు ఎక్కడ పెట్టుకోవాలి? ఫోన్ ఛార్జర్ మీద 100-240 అని రాసి ఉంటుంది, అవి ఎక్కడైనా పనిచేస్తాయి. కుక్కర్ అడుగున అలా ఉండదు, తిప్పి చూడండి. నేను ఇదే పనిలో జుట్టు నెరిపించుకున్నాను.

కాణిపాకం_కుర్రాడు

జపాన్‌లో అన్నానికి కరువా? ప్రతి చిన్న కొట్లో ఉడికించిన అన్నం డబ్బాల్లో అమ్ముతారు, మైక్రోవేవ్‌లో పెట్టుకుంటే అయిపోతుంది. మీరు వోల్టుల పేరు చెప్పి టోక్యోనే వద్దంటున్నారు.

సెట్టిపల్లి_ఫిట్టర్

టోక్యో వద్దని నేనెక్కడ అన్నాను? పైన చదవండి. కుక్కర్ వద్దన్నాను.

పాకాల_మాస్టారు

ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ అడగాల్సిన మాట ఎవరూ అడగలేదు. ఆ పార్కులు చిన్నపిల్లల కోసం కట్టినవి. మా అబ్బాయి, కోడలు మమ్మల్ని ఫ్లోరిడాలో ఉన్నదానికి తీసుకుపోయారు. అక్కడ ఒకటి కాదు, నాలుగు పార్కులు. మనవరాలు ఎగిరి గంతులేసింది, దాని ఆనందం చూసి మాకు కడుపు నిండింది, అది నిజం. నేను మాత్రం మోకాళ్ళు పట్టేసి అందరి బ్యాగులూ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. పిల్లలు లేకుండా ఇద్దరు పెద్దవాళ్ళు అంత డబ్బు పోసి అక్కడ చేసేదేమిటి? పిల్లలు పుట్టాక పోతే దానికో అర్థం ఉంటుంది. ఈలోపు కాశీకో, సింగపూరుకో పోయి రండి.

పుత్తూరు_పిల్ల

మాస్టారూ, పెద్దవాళ్ళు సరదాపడకూడదా? మీరు బెంచీ మీద కూర్చున్నారని అందరూ కూర్చోవాలా? అసలు ఆ పార్కు పుట్టిందే బెంచీ దగ్గర. వాల్ట్ డిస్నీ లాస్ ఏంజెలెస్‌లో గ్రిఫిత్ పార్కుకు కూతుళ్ళను తీసుకెళ్ళేవాడట. వాళ్ళు గుర్రాల రంగులరాట్నం ఎక్కితే ఈయన బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉండేవాడు. పెద్దవాళ్ళు కూడా కలిసి సరదాపడే చోటు ఒకటి ఉండాలని అక్కడే అనిపించిందని ఆయనే చెప్పుకున్నాడు. 1955లో మొదటిది అనాహైమ్‌లో తెరిచాడు. అంటే పెద్దవాళ్ళు బెంచీ మీద కూర్చోకూడదనే కట్టాడు.

పాకాల_మాస్టారు

అమ్మా, నువ్వు చెప్పిన కథలోనే ఉంది జవాబు. కూతుళ్ళతో కలిసి అన్నాడు. కూతుళ్ళు లేకుండా అనలేదు. ప్రయాణానికి నలభై ఏళ్ళ దాకా ఆగమని నేను అనడం లేదు. ఈ కాలం పిల్లలు ముందు తిరుగుడు, తర్వాత సంసారం అంటారు, ఆ తర్వాత చెన్నైలో డాక్టర్ల చుట్టూ తిరుగుతారు. మా బంధువుల ఇళ్ళలో చూస్తూనే ఉన్నాను. ముందు చేయాల్సింది ముందు చేయాలి.

కాణిపాకం_కుర్రాడు

మాస్టారూ, ఇక్కడ అడిగింది హాంకాంగా టోక్యోనా అని.

నగరి_మగ్గం

దయచేసి వాళ్ళ ఇంటి సంగతులు వదిలేయండి.

తిరుచానూరు_రోడ్డు

వదిలేయక్కర్లేదు, నేనే చెప్తాను.

మాస్టారు గారూ, మీరు పెద్దవారు, మిమ్మల్ని అగౌరవపరచడం నా ఉద్దేశం కాదు. మీరు చెప్పిన డాక్టర్ల చుట్టూ తిరగడం మేం ముందే మొదలుపెట్టాం. తెల్లవారుజామున చెన్నై రైలెక్కడం, అక్కడ స్కానింగ్ గది బయట ఆ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోవడం, సాయంత్రానికి మళ్ళీ ఇల్లు చేరి ఎవరూ ఏమీ అడగకముందే వంటింట్లోకి పోవడం, ఇదే మా ప్రయాణం ఇన్నాళ్ళూ. పోయినసారి కూడా నిలవలేదు. ఇంకోసారి ప్రయత్నానికి దాచిన డబ్బే ఇప్పుడు ఈ టికెట్లకు తీస్తున్నాం. కొంతకాలం ఇంజెక్షన్లు ఆపుదామని ఇద్దరం కూర్చుని మాట్లాడుకుని నిర్ణయించుకున్నాం. డాక్టరమ్మ కూడా ఒళ్ళు కుదుటపడనివ్వమన్నారు.

ప్రతి పెళ్ళిలో, ప్రతి సీమంతంలో నాకు వినిపించే మాట ఒకటే. పిల్లలు పుట్టాక. ఇల్లు పిల్లలు పుట్టాక, కారు పిల్లలు పుట్టాక, ఊరు పోవడం కూడా పిల్లలు పుట్టాకే. పుట్టకపోతే? నేను ఆ కోట ముందు నిలబడే అర్హత లేనిదాన్నా? నాకు ఫ్రోజెన్ ఊరు చూడాలని ఉంది. నా కోసమే చూడాలని ఉంది. ఆయన నా పక్కన ఉంటే చాలు.

పుత్తూరు_పిల్ల

అక్కా, మీరు పోండి. ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

పాకాల_మాస్టారు

అమ్మా, నీ బాధ నాకు అర్థం కాకపోలేదు. కానీ నేను అన్న మాట వెనక్కి తీసుకోను, ఎందుకంటే ఇప్పుడు నాకు ఇంకా ఎక్కువ భయంగా ఉంది. వైద్యానికి దాచిన డబ్బు అంటున్నావు. ఆ డబ్బు మళ్ళీ కూడబెట్టడానికి మీ ఇద్దరి జీతాలతో ఎంతకాలం పడుతుంది? ఈలోపు వయసు ఆగుతుందా? మా చెల్లెలు ఇలాగే "కొంతకాలం ఆపుదాం" అంది. తర్వాత డబ్బు చేతికి వచ్చేసరికి డాక్టరు ఇక లాభం లేదన్నాడు. అది ఇప్పటికీ నా దగ్గర కూర్చుని అప్పుడెందుకు ఆపానన్నయ్యా అంటుంది. నేను కాశీ పొమ్మన్నది అందుకే, పది వేలల్లో అయిపోతుంది, మనసూ కుదుటపడుతుంది. విదేశం ఎక్కడికీ పోదు.

పుత్తూరు_పిల్ల

మీ చెల్లెలి బాధ మీ చెల్లెలిది మాస్టారూ, ఈమె లెక్క వేరు. మీరు చెప్పేది ఆమెకు తెలియదా? రోజూ పొద్దున లేస్తే ఆమె వేసుకునే లెక్కే అది. వయసు గుర్తుచేసేవాళ్ళు ఆమె చుట్టూ కావలసినంతమంది ఉన్నారు. నాకు ఇద్దరు పిల్లలు, అయినా చెప్తున్నాను, భార్యాభర్తలు నవ్వుకోకుండా ఎంతకాలం ఆస్పత్రి బిల్లులు మాత్రమే చూసుకుంటూ బతుకుతారు? అది కూడా వైద్యంలో భాగమే.

కాణిపాకం_కుర్రాడు

నేను మాస్టారి మాటలో డబ్బు వరకు ఒప్పుకుంటాను. అలాంటి పరిస్థితిలో టోక్యో అని నేను పట్టుబట్టను. జపాన్‌లో రైలు ఖర్చే తడిసి మోపెడవుతుంది. కానీ ఆపేయమని మాత్రం చెప్పను. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో నిమిషాల్లో అయిపోతుంటే పట్టుకునే తిరుపతి వాళ్ళు మీరు, సొంతంగా బుక్ చేసుకుంటే హాంకాంగ్ ఖర్చు బాగా తగ్గుతుంది.

పాకాల_మాస్టారు

ఎంత తగ్గినా అది వైద్యం డబ్బే. నా అభిప్రాయం అదే. ఆమె పోతే సంతోషంగా పోయి రావాలనే కోరుకుంటాను, అది వేరే సంగతి.

తిరుచానూరు_రోడ్డు

మాస్టారు గారూ, మీ చెల్లెలి గురించి చెప్పినందుకు కోపం లేదు. ఆయన ఇప్పుడు నా పక్కనే కూర్చుని అన్నీ చదివారు. ఒక ముక్క ఆయన చెప్పమన్నారు: ఆ డబ్బులో సగం ముట్టుకోం, సగంతోనే పోతాం, దాంట్లో కుదరకపోతే మానుకుంటాం. కాబట్టి హాంకాంగ్. పార్కు లోపలి హోటల్ వద్దు, పార్కుకు దగ్గర్లో ఉన్న తుంగ్ చుంగ్ వైపు గది చూసుకుంటాం. అక్కడ శాకాహారం ఎలా?

పుత్తూరు_పిల్ల

తుంగ్ చుంగ్ మంచి ఆలోచన, సన్నీ బేకి మెట్రోలో ఒక్క స్టేషనే. అక్కడి నుంచే నాంగ్ పింగ్ కేబుల్ కారు కొండ మీది పెద్ద బుద్ధుడి దగ్గరికి పోతుంది. 34 మీటర్ల కంచు విగ్రహం, 268 మెట్లు, అలిపిరి మెట్లెక్కినవాళ్ళకు అదేమంత కాదు. పక్కనే ఉన్న పో లిన్ మఠంలో పూర్తి శాకాహార భోజనం పెడతారు, టోఫు, పుట్టగొడుగులు, అన్నం. ఒక పూట అక్కడ కడుపునిండా తినండి. పార్కులో మాత్రం ఏది తీసుకున్నా గుడ్డు, చేప సాస్ లేవు కదా అని అడిగి తీసుకోండి, పళ్ళు, బిస్కెట్లు బ్యాగులో పెట్టుకోండి. వారం మధ్యలో పోండి, శని ఆదివారాలు వద్దు. నవంబరులో చెమట పట్టదు, తుఫాను బెడద కూడా దాదాపు తగ్గిపోతుంది.

సెట్టిపల్లి_ఫిట్టర్

కుక్కర్ సంగతి హోటల్‌కు ముందే మెయిల్ రాసి అడగండి. కొన్నిచోట్ల గదిలో వండనివ్వరు, పొగకు అలారం మోగితే జరిమానా వేస్తారు. వాళ్ళు సరేనంటేనే పెట్టెలో పెట్టండి.

తిరుచానూరు_రోడ్డు

సరే అన్నా, ఈ రాత్రికే రాస్తాను. ఇంకో సందేహం. ఆయన పాసుపోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, మొత్తం పేరు ఒకే గడిలో పడింది. నమోదుకు ఇబ్బందా?

పుత్తూరు_పిల్ల

పాసుపోర్టులో ఎలా ఉందో అక్షరం మారకుండా అలాగే కొట్టండి, సొంతంగా విడదీయొద్దు. విమానం టికెట్ మీద కూడా అదే పేరు రావాలి. పాసుపోర్టు గడువు ఆరు నెలలకు తక్కువ ఉందేమో ముందు అది చూడండి, తక్కువుంటే రెన్యువల్ చేయించాకే టికెట్లు కొనండి.