మాలూలా అరామిక్: ముందు రికార్డింగా, బడా?

గుణదల కుర్రాడు:
గుడ్‌ఫ్రైడే ప్రసంగంలో "ఏలీ, ఏలీ, లామా సబక్తానీ" విన్నప్పుడల్లా, యేసు మాట్లాడిన ఈ అరామిక్ భాష ఎప్పుడో పోయిందనుకునేవాణ్ని. పోలేదు. సిరియాలో డమాస్కస్‌కు ఈశాన్యంగా, కొండకు అతుక్కుని ఉండే మాలూలాలో దాని వారస భాష ఇంకా వినిపిస్తోంది. నా మాట ఒకటే: ముందు పెద్దవాళ్ల గొంతులు రికార్డు చెయ్యాలి, బడి సంగతి తర్వాత. టర్కీలోని మ్లాహ్సో ఊరి అరామిక్ ధారాళంగా మాట్లాడే ఆఖరి మనిషి 1999లో పోయాడు. అంతకుముందే జర్మన్ పండితుడు ఒట్టో యాస్ట్రో దాని గురించి పుస్తకం రాసిపెట్టాడు కాబట్టి ఆ మాత్రమైనా మిగిలింది.

బడిపంతులు:
మిగిలింది పుస్తకమే కదండీ, మాట్లాడే ఇల్లు ఏది? మీ "తర్వాత" వచ్చేసరికి బడిలో కూర్చోడానికి పిల్లలుండరు.

కొట్టాయం ప్యాసింజర్:
చర్చిలు పట్టించుకుంటే ఈ భాష బతుకుతుంది. కేరళ చర్చిల్లో సురియానీ నిలబడలేదా? అదీ అరామిక్‌లో ఒక రకమే.

బడిపంతులు:
కేరళలో సురియానీ ప్రార్థనలో ఉంది. ఇంటికెళ్తే మలయాళమే. పైగా మాలూలా అరామిక్ క్రైస్తవుల భాష మాత్రమే కాదు. మాలూలా పక్కనున్న జుబ్బాదీన్, బఖా ఊళ్లలో ఇది మాట్లాడేది ముస్లింలు. సిరియా అంతర్యుద్ధంలో బఖా పాడుబడి జనం చెదిరిపోయారు. వాళ్లకు ఏ చర్చి దిక్కు?

లిపి పిచ్చి:
బడి అనగానే లిపి గొడవ మొదలవుతుంది. 2006లో డమాస్కస్ విశ్వవిద్యాలయం మాలూలాలో అరామిక్ సంస్థ పెట్టింది. ఊళ్లో మాటే గానీ రాత అలవాటు లేదు. అందుకని పాత అరామిక్ చతురస్ర అక్షరాలు తెచ్చారు. అవి అచ్చం హీబ్రూలా కనిపిస్తాయి. నిజానికి ఆ అక్షరాలు అరామిక్ నుంచే యూదులకు వెళ్లాయి! ఇజ్రాయెల్‌తో వైరం ఉన్న సిరియాలో ఆ మాట ఎవరు వింటారు? 2010లో కోర్సు ఆగింది. తర్వాత సురియానీ తరహా అక్షరాల వైపు మళ్లారు. ఇంతలో యుద్ధం, 2013 సెప్టెంబరులో ఊరి మీదే దాడి. స్వీడన్‌లో ఇంకో తంతు. అక్కడ స్థిరపడ్డ, తూరోయో అనే ఇంకో రకం అరామిక్ మాట్లాడే కుటుంబాల పిల్లలకు లాటిన్ అక్షరాల్లో వాచకాలు వేస్తే, సురియానీ అక్షరాలే కావాలని పెద్దలు పట్టుబట్టారు.

గుణదల కుర్రాడు:
చూశారా! అక్షరాలు తేలేలోపు ముసలివాళ్లు పోతారు. అక్షరాలు వచ్చినా అంతే. డాలస్‌లో మా అక్క పిల్లలు ఆదివారం తెలుగు క్లాసుకెళ్తారు. గుణింతాలు గడగడా చదువుతారు. అమ్మమ్మ ఫోన్ చేస్తే "హాయ్ అమ్మమ్మా" దగ్గరే బండి ఆగిపోతుంది.

బడిపంతులు:
ఆ ఉదాహరణ నా వైపుకే వస్తుంది బాబూ. అమ్మమ్మ గొంతు రికార్డు చేసి పంపితే వాళ్లకు మాటలొస్తాయా? ఆవిడ వెళ్లి ఆర్నెల్లు వాళ్లింట్లో ఉండాలి.

గుణదల కుర్రాడు:
సరే, ఆ మాట ఒప్పుకుంటా. కానీ మాలూలా కుర్రాడు చదువుకి, ఉద్యోగానికి డమాస్కస్ బస్సెక్కితే అంతా అరబ్బీయే. వాణ్ని ఊళ్లో ఆపేది ఎవరు?

లిపి పిచ్చి:
ఎవరూ ఆపలేరు. రికార్డు చేసేవాళ్లు మాత్రం ఒట్టి కథలూ పాటలూ అడక్కండి. అంగట్లో బేరాలు, పిల్లాణ్ని తిట్టే తిట్లు, అత్తాకోడళ్ల వాదన కూడా పట్టండి. రేపు ఎవడైనా నేర్చుకోవాలనుకుంటే వాడికి కావాల్సినవి అవే.